నేను రెండోదాన్ని

2011లో స్టుట్‌గార్ట్ టంకశాలలో పుట్టాను. ఒంటి మీద ఎఫ్ అనే చిన్న అక్షరం ఉంది, అది నా పుట్టిల్లు. బెర్లిన్‌లో పుట్టినవాళ్లకు ఏ, మ్యూనిక్ వాళ్లకు డి, కార్ల్స్‌రూ వాళ్లకు జి, హాంబుర్గ్ వాళ్లకు జె. అయిదు పుట్టిళ్లలో కలిపి మేం దాదాపు 3 కోట్ల మందిమి. అక్షరం తప్ప అందరిదీ ఒకే మొహం. ఈ అక్షరం వల్ల నాకు జరిగినంత అవమానం ఇంకెవరికీ జరిగి ఉండదు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

నేను రెండు యూరోల నాణేన్ని. ఎనిమిదిన్నర గ్రాముల బరువు. చుట్టూ తెల్లటి కట్టు, నడుమ పసుపు. ఆ పసుపు పైపైనే, లోపల నికెల్ పొర ఒకటి దాగుంది. టికెట్ల మిషన్లు నన్ను మింగి, ఆ పొరను తడిమి చూసుకుని గానీ నమ్మవు. అంచు మీద గోరు గీస్తే అక్షరాలు తగులుతాయి. ఐకమత్యం, న్యాయం, స్వేచ్ఛ అని జర్మన్ మాటలు. అంచు చదివిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఒక పక్క యూరప్ పటం, 2 అంకె. రెండో పక్క కొలోన్ ఊరి పెద్ద చర్చి, గుడి అనుకోండి. జర్మనీలో 16 రాష్ట్రాలు. బుందెస్రాత్ అని వాళ్ల ఎగువ సభ ఉంది, దాని అధ్యక్ష పదవి ఏడాదికొక రాష్ట్రానికి వంతుల వారీగా వస్తుంది. ఆ వంతును పట్టి ఏటా ఒక రాష్ట్రపు కట్టడాన్ని రెండు యూరోల మీద ముద్రిద్దామని 2006లో మొదలుపెట్టారు. తొలి కాన్పు ల్యూబెక్ ఊరి కోటగుమ్మం, హోల్‌స్టెన్ టోర్. తర్వాత ష్వెరిన్ కోట, హాంబుర్గ్ చర్చి, బ్రెమెన్ టౌన్ హాలు లాంటివి. 2011లో కొలోన్ ఉన్న నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా వంతు వచ్చింది, నేను పుట్టాను. మరుసటేడు నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట వచ్చింది. అది అందగత్తె, అందరూ దాన్నే దాచుకుంటారు. నాకేం కుళ్లు లేదు, ఉన్నమాట చెప్పాను.

నా మీదున్న గుడి కథ మాత్రం ఎవరి కథకూ తీసిపోదు. 1248లో పునాది వేశారు. మూడు వందల ఏళ్లు కట్టి, డబ్బూ ఓపికా అయిపోయి, పని ఆపేశారు. దక్షిణపు బురుజు మొండెంలా నిలబడిపోయింది. దాని నెత్తిన రాళ్లెత్తే కర్ర క్రేన్ ఒకటి అలాగే ఉండిపోయింది, ఒకటీ రెండూ కాదు, 300 ఏళ్లకు పైగా. తాతలు, మనవలు, ముని మనవలు, అందరూ ఆ క్రేన్‌ను చూస్తూనే పెరిగి పోయారు. ఊరి బొమ్మ గీస్తే క్రేన్‌తో సహా గీసేవారు. మళ్లీ 1842లో పని పట్టుకుని 1880లో ముగించారు. 157 మీటర్ల ఎత్తు. 632 ఏళ్ల కట్టుబడి. ఇప్పటికీ ఎక్కడో ఒక మూల మరమ్మతు పరంజా కట్టే ఉంటుంది. గుడి పని పూర్తయిన రోజు లోకం అంతమైపోతుందని ఆ ఊరివాళ్ల సరదా మాట. పరంజా లేని గుడి చూడాలంటే నన్నే చూడాలి.

కానీ ఎవరు చూస్తారు? సూపర్ మార్కెట్ బండి గొలుసులో నన్ను దూర్చి, సామాన్లు కొనుక్కుని, మళ్లీ పీక్కుని జేబులో వేసుకుంటారు. అయిదు వారాలు అదే పని చేశాను ఒక ముసలావిడ కోటు జేబులో. రొట్టెల దుకాణం గల్లాలో పడ్డాను. పాతిక మందిమి ఒక కాగితం చుట్టలో బ్యాంకు చేరాం. ఆ చుట్టలు కొనడానికి వస్తారు చూడండి, వాళ్లే మమ్మల్ని చూసేవాళ్లు. 50 యూరోలిచ్చి చుట్ట తీసుకుంటారు, ఇంటికెళ్లి బల్ల మీద చిమ్ముతారు, దీపం కింద ఒక్కొక్కదాన్నీ తిప్పి చూస్తారు, కావలసినవి ఏరుకుని మిగతావి మళ్లీ బ్యాంకులో వేస్తారు. మొదటిసారి ఆ దీపం వెలుగు మీద పడినప్పుడు నాకు పెళ్లిచూపుల్లా అనిపించింది.

ఆ చుట్ట కొన్నతని ఆల్బంలో కొలోన్ గుడికి అయిదు గుంటలున్నాయి. ఏ, డి, ఎఫ్, జి నిండిపోయాయి. జె ఒక్కటే ఖాళీ. నన్ను భూతద్దంతో చూసి, "ఎఫ్" అని పెదవి విరిచి అవతల పడేశాడు. ఇలా నాలుగు చోట్ల జరిగింది. సేకరించేవాళ్లు పడిచచ్చే మొనాకో నాణెం ఒకటి ఉంది, 2007లో గ్రేస్ కెల్లీ బొమ్మతో 20,001 మాత్రమే కొట్టారు. అది ఏ గల్లాలోనూ పడలేదు, ఎవరి చెమటా అంటుకోలేదు. దానికి వేలకు వేలు. చిల్లరగా తిరగని ఆ బతుకూ ఒక బతుకేనా అని నా బోటివాళ్లం అనుకుంటాం. అనుకుని ఊరుకుంటాం.

ఆహెన్‌లో చదువుకునే కరీంనగర్ కుర్రాడు సాయంత్రాలు రొట్టెల దుకాణంలో పనిచేసేవాడు. గల్లా కట్టేటప్పుడు తన జీతంలోంచి రెండు యూరోలు వేసి, కొత్త బొమ్మ కనిపిస్తే తీసుకునేవాడు. నన్నూ తీసుకున్నాడు. గదికెళ్లి డబ్బా తెరిచాడు. ఎఫ్ ఉంది. నిట్టూర్చాడు గానీ పారేయలేదు, సెలవులకు ఇంటికెళ్తూ పర్సులో వేసుకున్నాడు.

"బాపూ, ఇది డూప్లికేట్. నువ్వుంచుకో."

ఆయన ఆర్టీసీలో కండక్టరు చేసి రిటైరయ్యాడు. చిల్లర లేకపోతే టికెట్ వెనక బాకీ రాసిచ్చి, దిగేటప్పుడు గుర్తుపెట్టుకుని ఇచ్చిన మనిషి. నన్ను చూడకముందే బొటనవేలితో అంచు తడిమాడు. "అంచు మీద రాసిండ్రు గదరా!" అన్నాడు. నా జన్మలో అంచు కనిపెట్టిన మొదటి మనిషి.

ఆయన పాత తోలు సంచి అడుగున ఒక పొట్లం ఉంది. అందులో నిజాం రూపాయి. దాని మీద చార్మినార్, కమాను నడుమ ఐన్ అక్షరం. ఉస్మాన్ అలీ ఖాన్ పేరుకది మొదటి అక్షరం. వాళ్ల నాన్న మహబూబ్ అలీ ఖాన్ కాలపు నాణేలకు అదే గుమ్మంలో మీమ్ ఉండేదట. పక్కన తంజావూరు గుడి ఉన్న అయిదు రూపాయలు, వెయ్యేళ్ల పండక్కి 2010లో వేసినది. దానికి టెక్కు ఎక్కువ. మా గుడి 1010లోనే, కట్టించిన రాజరాజు బతికుండగానే పూర్తయింది, మీది 632 ఏళ్లా అంది. నేనేమంటాను?

వీళ్లందరినీ మించి నన్ను ఆశ్చర్యపరిచింది పది రూపాయలు. నా రంగులే, కాకపోతే తారుమారు, కట్టు పసుపు, నడుమ తెలుపు. దాన్ని కిరాణా కొట్టువాళ్లు తీసుకోవడం లేదట. అన్నీ చెల్లుతాయి, పద్నాలుగు రకాల డిజైన్లలో వేశామని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. అక్కడ బొమ్మ మారితే దాచుకుంటారు, ఇక్కడ బొమ్మ మారితే దొంగబిళ్ల అంటారు. "బస్సుల తీసుకోనోన్ని దించేస్తుంటి," అన్నాడాయన. దించాడో లేదో గానీ కోపం మాత్రం నిజం.

దీపావళినాడు ఆయన భార్య లక్ష్మీపూజకు పళ్లెంలో బిళ్లలన్నీ పాలతో కడిగింది. నన్నూ కడిగింది. "గిది ఏ దేవుని గుడి?" అంది. "వాళ్ల దేవునిదే. పెట్టు," అన్నాడు. బొమ్మ పైకి పెట్టి కుంకుమ బొట్టు పెట్టింది. బొట్టు సరిగ్గా దక్షిణపు బురుజు మీద, ఆ క్రేన్ ఉండే చోట పడింది.

మర్నాడు కొడుకు విమానమెక్కే ముందు ఆయన ఒక పాత డైరీలో అయిదు గళ్లు గీసి, ఒక గడిలో నన్ను పెట్టి చుట్టూ పెన్సిలుతో గీత తిప్పాడు.

"ఏ, డి, జి, జె దొరికితే తే. ఎఫ్ అక్కర్లేదు, నా దగ్గర ఉన్నది."