షియాన్‌లో ఏమీ తినకుండా తిరిగి రావడం ఎలా?

షియాన్ వెళ్లేవాళ్లకు మొదటి సలహా: ఆ ఊళ్లో మీకు తెలిసినవాళ్లెవరూ లేకుండా చూసుకోండి. టూరు కంపెనీవాళ్లయితే పొద్దున్నే బస్సెక్కిస్తారు, మట్టి సైనికులను చూపిస్తారు, మధ్యాహ్నం ఇండియన్ రెస్టారెంట్లో పనీరు కూర పెట్టిస్తారు, చీకటి పడకముందే హోటల్లో దించేస్తారు. చైనా వెళ్లొచ్చామని చెప్పుకోవచ్చు, చైనా మాత్రం ఒంటికి అంటదు. తెలిసినవాడు ఒక్కడుంటే చాలు, ఈ ఏర్పాటంతా పాడవుతుంది. మీతో ఒకే ఆఫీసులో పనిచేసిన మిత్రుడిది ఆ ఊరే అయి, ఆ రోజు ఆదివారం కూడా అయితే ఇక మిమ్మల్ని కాపాడేవాళ్లుండరు. ఈ జాగ్రత్తలు అలా ఇరుక్కున్నవాళ్ల కోసం.

సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి పెట్టుకోండి. ఇది చెప్పక్కర్లేదు, ఎలాగూ పెట్టుకుంటారు. చెప్పాల్సింది ఏమిటంటే, ఆ సీసా మీ మిత్రుడి కంట పడనివ్వకండి. రుచి చూస్తానంటాడు, చూస్తాడు, ఇంకొంచెం వేసుకుంటాడు. షాన్‌షీ రాష్ట్రంవాళ్లు కారానికి బెదిరే రకం కాదు. మిరపకారం మీద మరిగే నూనె పోసి, దాన్నే ఒక కూరగా లెక్కేసుకోవడం ఆ రాష్ట్రపు ఎనిమిది వింతల్లో ఒకటని వాళ్లే నవ్వుతూ చెప్పుకుంటారు.

చైనా తిండి మీకు కొత్తేమీ కాదని మొదట్లోనే తేల్చేయండి. గోబీ మంచూరియా దొరుకుతుందా అని అడగండి. మంచూరియాను 1970లలో ముంబయిలో నెల్సన్ వాంగ్ అనే ఆయన కనిపెట్టాడంటారు. ఆయన పుట్టిందేమో కోల్‌కతాలో. ఇవేమీ తెలియని మీ మిత్రుడు కాసేపు ఆలోచించి, దేశానికి ఈశాన్య మూలనున్న మంచూరియాకు రైళ్లు ఎన్నింటికున్నాయో ఫోన్‌లో వెతుకుతాడు. ఆ కాసేపూ మీకు తిండి గొడవ ఉండదు.

చల్లటి మంచినీళ్లు అడగండి. వేడినీళ్లు వస్తాయి. మళ్లీ అడగండి. ఇంకా వేడివి వస్తాయి. జ్వరం వచ్చినా, కడుపునొప్పి వచ్చినా, మనసు బాగోలేకపోయినా అక్కడ మొదటి వైద్యం వేడినీళ్లే. మీకు ఒంట్లో బాగోలేదని మిత్రుడికి అనుమానం వచ్చిందా, తన ఫ్లాస్కు మీ చేతికిచ్చేస్తాడు.

ముందుగా మట్టి సైనికుల దగ్గరికి తీసుకెళ్తాడు. ఊరికి తూర్పున, లిన్‌తోంగ్‌లో. వెళ్లడానికి శ్రేష్ఠమైన సమయం అక్టోబరు 1 నుంచి వచ్చే జాతీయ సెలవులు. ఒకటో నంబరు గొయ్యి 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఆ సెలవుల్లో సైనికులకన్నా ఎక్కువమంది గట్టుమీద ఉంటారు కాబట్టి మీకు కనిపించేవన్నీ ఎదుటివాళ్ల ఫోన్లే. 1974లో బావి తవ్వుతున్న రైతులకు ఇవి బయటపడ్డాయని, ఒంటినిండా రంగులుండేవని, మట్టిలోంచి తీసి గాలి తగలగానే ఆ రంగులు పెచ్చులూడిపోయాయని మిత్రుడు చెబుతుంటాడు. తలూపండి. మోకాలి మీద కూర్చున్న విలుకాడి దగ్గర ఆగి, అతని చెప్పు అడుగున కుట్లు చూడమంటాడు. చూడకండి. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందటి కుమ్మరి, ఎవరూ చూడని చోట అంత శ్రద్ధ పెట్టాడని తెలిశాక అక్కణ్నుంచి కాలు కదలదు. సెల్ఫీలకు టైము మిగలదు.

తర్వాత కోటగోడ. మింగ్ రాజుల కాలంలో 1370లలో కట్టింది. చుట్టుకొలత దాదాపు 13.7 కిలోమీటర్లు. పైన సైకిళ్లు అద్దెకిస్తారు. గోడను చూడగానే 'మా గోల్కొండ కూడా ఇంతే' అనండి. ఏది చూసినా ఇదే మాట అనవచ్చు, గోడకైనా గుడికైనా సరిపోతుంది. మిత్రుడు వాదించడు, రెండు సైకిళ్లు తెస్తాడు. పైన పరిచిన ఇటుకల మీద గతుకు గతుకుకీ నడుం గుర్తుకొస్తూ సగం చుట్టు తిరిగేసరికి గోల్కొండ ప్రస్తావన దానంతటదే ఆగిపోతుంది. ఊరి నడుమనున్న గంట గోపురాన్ని కారులోంచే చూసేయవచ్చు.

అసలు ప్రమాదం పెద్ద హంస పగోడా దగ్గరుంది. అక్కడ మీరు కొంచెం ఛాతీ విరుచుకుంటారు. బుద్ధుడు మనవాడే, ధర్మం మన దగ్గర్నుంచి వచ్చిందే, ఇందులో వాళ్లు మనకు చెప్పేదేముంది అని. మనదేశం నుంచి మోసుకెళ్లిన గ్రంథాలను భద్రం చేయడానికి హుయాన్‌త్సాంగ్ 652లో ఆ పగోడా కట్టించాడు. గుడి ముందు ఆయన విగ్రహం ఉంటుంది. దాని కింద నిలబెట్టి మీ మిత్రుడు మెల్లగా అడుగుతాడు: "మీది గుంటూరు వైపన్నారుగా, ఈయన ధాన్యకటకంలో కొన్ని నెలలుండి చదువుకున్నాడు. మీ ఇంటికి దగ్గరేనా? ఎలా ఉంటుంది?"

ధాన్యకటకమంటే మన అమరావతి పక్కన ధరణికోటే. మీరు అమరావతి వెళ్లిన మాట నిజమే, స్థలం రేటు కనుక్కోవడానికి. స్తూపం వైపు బండి తిప్పలేదు. ఇప్పుడేం చెప్పాలి? 'చూడలేదు' అని మాత్రం అనకండి. 'అక్కడి శిల్పాలు చాలామటుకు లండన్‌కీ చెన్నైకీ తరలిపోయాయి' అనండి. అక్షరాలా నిజం. కొంచెం బాధగా కూడా మొహం పెట్టండి. అక్కడి మ్యూజియంలో మిగిలినవి మీరు చూశారా అని ఆయన ఇంకో ప్రశ్న వేసేలోపు ఆకలేస్తోందని చెప్పేయండి.

ఆ ఒక్క మాటతో పొద్దుటి నుంచి పడ్డ శ్రమంతా నీళ్లపాలు. డ్రమ్ టవర్ వెనక ముస్లిం పేటలోకి లాక్కుపోతాడు. అక్కడి పెద్ద మసీదుకు గుమ్మటం కోసం వెతకకండి, దొరకదు. చెక్క స్తంభాలు, చూరు చివర్లు పైకి లేచిన కప్పులు, అంతా చైనా కట్టడమే. వీధిలో దానిమ్మ రసం పిండుతుంటారు, నూనెలో షిజిబింగ్ అనే పెర్సిమన్ పళ్ల అప్పాలు వేగుతుంటాయి. రౌజియామో అని, రొట్టె చీల్చి మధ్యలో మాంసం కూరుతారు. ఈ పేటలో గొడ్డు మాంసమో గొర్రె మాంసమో పెడతారు, బయటి కొట్లలో పంది మాంసం. 'నాకు మాంసం వద్దు' అనండి. మిత్రుడు అర్థం చేసుకుంటాడు. అంటే ముక్కలు చిన్నవిగా కొట్టిస్తాడు. నిజంగా శాకాహారులైతే గట్టిగా చెప్పి లియాంగ్‌పి తెప్పించుకోండి. వెనిగరు, మిరప నూనె కలిపిన చల్లటి నూడుల్స్. ఇవి తిన్నాక ఏమీ తినలేదని ఇంట్లో చెప్పుకోవడం కష్టం. బెల్టంత వెడల్పు నూడుల్స్ మీద కారం పోసి, దానిపైన మరిగే నూనె గుమ్మరించినప్పుడు లేచే చప్పుడు అచ్చం మన తిరగమోతే. ఆ చప్పుడుకు తల తిప్పారా, గిన్నె మీ ముందుంటుంది.

ఇక యాంగ్‌రౌ పావ్‌మో. కూర్చోగానే ఖాళీ గిన్నె, అందులో గట్టి రొట్టెలు పెట్టి వెళ్లిపోతారు. పులుసు రాదు. చేతులు కడుక్కుని ఆ రొట్టెను మీరే సోయా గింజంత ముక్కలుగా తుంచాలి. డబ్బిచ్చి పనిచేయడమేమిటని విసుక్కుని, పెద్ద పెద్ద ముక్కలు తుంచి గిన్నె పక్కకు నెట్టండి. మిత్రుడు ఏమీ అనడు. మీ గిన్నె తన వైపు లాక్కుని మొదటి నుంచీ మొదలుపెడతాడు. వంటవాడు ముక్కల సైజు చూసి తుంచినవాడు ఊరివాడో పైవాడో పోల్చుకుంటాడని, ఆ లెక్కనే పులుసు పోసి ఉడికిస్తాడని ఆ ఊళ్లో నమ్మకం. మీ వల్ల వాళ్ల పరువు పోకూడదు కదా. సిగ్గేసి మీరూ ఒక రొట్టె అందుకుంటారు. తుంచుతుంటే నోరు ఖాళీ కాబట్టి కబుర్లు దొర్లుతాయి: అపార్టుమెంట్ల రేట్లు, పిల్లల ట్యూషన్లు, వాళ్లమ్మ మోకాళ్ల నొప్పులు, మీ అమ్మ మోకాళ్ల నొప్పులు. ఇందులో పడకండి. పడితే రాత్రి భోజనానికి వాళ్లింటికి రమ్మంటాడు. గొర్రె మాంసపు పులుసుతో గిన్నె తిరిగొచ్చాక దాన్ని కలపకూడదు, అంచు నుంచి కొంచెం కొంచెంగా తినాలి, మధ్యలో తీపి వెల్లుల్లి ఊరగాయ కొరుక్కోవాలి. మనకు కలపందే ముద్ద దిగదు కాబట్టి ఆసాంతం కలిపేయండి. పక్క బల్లవాళ్లు చూస్తారు, చూడనివ్వండి.

కంచం ఖాళీ చేయడం మర్యాద అనుకుంటారు. అదే పొరపాటు. ఖాళీ అయిన ప్రతిసారీ నింపుతాడు. విస్తరి మడిచే సౌకర్యం అక్కడ లేదు. కొంచెం వదిలేస్తేనే ఆగుతాడు, అదీ నచ్చలేదేమోనన్న దిగులుతో. వాళ్లింట్లో బైజియు అనే సారా పోస్తే మీ గ్లాసు అంచు పెద్దవాళ్ల గ్లాసుకన్నా కిందకు ఉంచి తాకించండి. వాళ్ల నాన్న ఇంకా కిందకు దించుతాడు. మీరు ఇంకా కిందకు. బల్ల అడ్డొచ్చేవరకూ తాగే అవసరం రాదు.

బిల్లు సంగతి ఆశ వదులుకోండి. బల్ల మీద అతికించిన కోడ్‌కు ఫోన్ చూపించి ఆర్డరిచ్చినప్పుడే ఆయన డబ్బు కట్టేసి ఉంటాడు. మీ ఫోన్ తెరుచుకునేలోపు రసీదు కూడా వచ్చేస్తుంది. నోట్లు తీస్తే ఊరికే చూస్తారు.

మిగిలింది ఒక్కటే దారి, ఆయన్ని మీ ఊరు రమ్మనడం. వస్తానన్నాడా, అంతకు ముందు ఆదివారం మీరొక్కరే వెళ్లి అమరావతి స్తూపం, మ్యూజియం చూసి రండి, టికెట్ జేబులో ఉంచుకోకండి. ఉలవచారు, గోంగూర, పెసరట్టు వరసగా పెట్టించండి. చాలంటే నమ్మొద్దు. హోటలువాడికి పొద్దున్నే డబ్బు కట్టేసి కూర్చోండి. మధ్యలో ఆయన చేతులు కడుక్కొస్తానని లేచాడంటే మాత్రం, ఎంగిలి చెయ్యయినా సరే, వెనకాలే లేవండి.