నాడీప్రకాశిక: ఒక కచేరీ ఆల్బంకు టీకా తాత్పర్యం

మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ చేసి మరీ కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. ఆయన తర్వాతి టీకాకారుల్లో ఆ మాట మీద నిలబడినవారు తక్కువ. శ్రీకాళహస్తి సన్నిధి వీధిలో కూర్చుని ఇంగ్లండు ప్రోగ్రెసివ్ రాక్ బృందం ఆల్బంకు వ్యాఖ్య రాయబూనిన నాడీప్రకాశికాకారుడు అసలు ప్రతిజ్ఞ జోలికే పోలేదు. అందుకే పని చకచకా సాగింది.

మూలము: పింక్ ఫ్లాయిడ్. పల్స్. ప్రత్యక్ష కచేరీ. సీడీలు రెండు. 1995.

ఇందులో ఛందస్సు వెతకడం దండగ. పకారం మూడు చోట్ల పడింది కనుక వృత్త్యనుప్రాసమని చెప్పి ముందుకు పోవచ్చు.

పింక్ ఫ్లాయిడ్ అనగా, పింకును ఫ్లాయిడును అని విగ్రహవాక్యం, ద్వంద్వ సమాసము. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అని ఇద్దరు అమెరికా బ్లూస్ గాయకులు. వారి పేర్లలో చెరో ముక్క తీసి 1965లో సిడ్ బారెట్ ఈ పేరు కుట్టాడు. వేరే ఊళ్లో అయితే ఇది విడమరచి చెప్పాలి. కాళహస్తిలో ఆ శ్రమ లేదు. శ్రీ అంటే సాలెపురుగు, కాళము అంటే పాము, హస్తి అంటే ఏనుగు అని ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. మూడు పేర్లు కలిసి ఒక క్షేత్రమైనప్పుడు రెండు పేర్లు కలిసి ఒక బృందం కావడంలో వింతేముంది? పల్స్ నాటికి ఆ బృందంలో మిగిలినవారు డేవిడ్ గిల్మర్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్. బృందం పాత ఆల్బం 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' పాటలకు మాటలన్నీ రాసిన రోజర్ వాటర్స్ 1985లోనే తప్పుకున్నాడు. పల్స్‌లో ఆ ఆల్బం మొత్తం ఉంది కనుక, కవి లేని సభలో ఆయన కావ్యాన్ని మొదలు నుంచి చివరిదాకా చదివారన్నమాట.

పల్స్ అనగా నాడి. ఇది కేవలం పేరు కాదు, లక్షణం కూడా. మొదట వచ్చిన సీడీ పెట్టె అంచున ఒక చిన్న ఎర్ర దీపం అమర్చారు. లోపల సెల్లు. పాట పెట్టినా పెట్టకపోయినా, అలమరలో నిలబెట్టినా అది కొట్టుకుంటూనే ఉండేది. గాలి చొరబడని కాళహస్తి గర్భాలయంలో దీపం రెపరెపలాడటమే వాయులింగానికి నిదర్శనమని భక్తులు చెప్పుకుంటారు. రెంటినీ పక్కపక్కన పెట్టాలని టీకాకారుడు ఉబలాటపడ్డాడు గానీ, ఒకదానికి సెల్లు అయిపోతుందని గుర్తొచ్చి వెనక్కి తగ్గాడు.

ఇక 'ప్రత్యక్ష కచేరీ' అన్నచోట టీక నాలుగు పుటలు పెరుగుతుంది. తప్పదు.

పూర్వపక్షము ఇలా ఉంది. ఈ ఆల్బం ఏ ఒక్క రాత్రి కచేరీ కాదు. 1994లో బృందం యూరప్ అంతా తిరిగి వాయిస్తున్నప్పుడు లండన్, రోమ్ వంటి ఊళ్లలో రికార్డు చేసినవాటిలో మంచివి ఏరి ఒక వరుసలో పేర్చారు. అలాంటప్పుడు దీన్ని ప్రత్యక్షం అనడం ఎలా కుదురుతుంది? పైగా లండన్‌లోని ఎర్ల్స్ కోర్ట్‌లో మొదటి రోజు, అంటే 1994 అక్టోబరు 12న, ప్రేక్షకులు కూర్చున్న ఒక స్టాండు కూలిపోయింది. చాలామందికి దెబ్బలు తగిలాయి, ఆ రాత్రి కచేరీ ఆగిపోయింది. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కుప్పకూలడం చూసిన కాళహస్తికి ఇలాంటి వార్త ఊరికే తల మీదుగా పోయేది కాదు. ఆల్బంలో మాత్రం దాని జాడ లేదు. ప్రత్యక్షమంటే జరిగిందంతా వినిపించాలి గదా అని ప్రతివాది పట్టు.

ఆ ప్రతివాది చూపే దృష్టాంతం కింగ్ క్రిమ్సన్ బృందం 1972లో తెచ్చిన 'ఎర్త్‌బౌండ్'. అది క్యాసెట్టు డెక్కు మీద పట్టిన కచేరీల ఆల్బం. ధ్వని ఎంత బండగా ఉందంటే, అమెరికాలో వాళ్ల కంపెనీయే దాన్ని అమ్మడానికి ఒప్పుకోలేదు. నిజాయితీ కావాలంటే అదీ అంటాడు ప్రతివాది. ఒకసారి వింటే ఆయన మాటలోనూ పస ఉందనిపిస్తుంది. రెండోసారి వినడానికి మాత్రం గుండెధైర్యం కావాలి.

సిద్ధాంతము: గుళ్లో మూలవిరాట్టు ఉంటుంది, ఉత్సవమూర్తి ఉంటుంది. మూలవిరాట్టు కదలదు, స్టూడియో ఆల్బం అలాంటిది. ఉత్సవమూర్తికి అలంకారం చేసి, వాహనం ఎక్కించి మాడ వీధుల్లో జనం మధ్యకు తెస్తారు. అలంకారం చేశారు కనుక అది దేవుడు కాదని మహాశివరాత్రి ఊరేగింపులో ఎవరూ గొడవపడరు. పల్స్‌లో ఏరడం, పేర్చడం ఆ అలంకారమే. అయితే ఈ ఉపమానానికి ఒకచోట బొక్క పడుతుంది, దాన్ని దాచడం టీకాకారుడికి ఇష్టం లేదు. డార్క్ సైడ్ ఆల్బం వచ్చింది 1973 మార్చిలో. కానీ అంతకు ఏడాది ముందే, 1972 మొదట్లో, ఆ పాటల తొలి రూపాలను ఇంగ్లండు వేదికల మీద వాయించారు. ఆ కచేరీల దొంగ రికార్డులు అసలు ఆల్బం కంటే ముందే బజారుకెక్కాయి. ఉత్సవమూర్తి ముందు ఊరేగి, మూలవిరాట్టు తర్వాత ప్రతిష్ఠ అయిందన్నమాట. ఏ ఆగమం ఒప్పుకుంటుంది?

ఆ 1972 కచేరీల్లో ఈ పాటల మాలకు కొన్నాళ్లు 'ఎక్లిప్స్' అనే పేరు నడిచింది. ఎక్లిప్స్ అనగా గ్రహణము. పల్స్ రెండో సీడీలో డార్క్ సైడ్ అంతా వరసగా వచ్చి అదే పేరున్న పాటతో ముగుస్తుంది. గ్రహణం పట్టగానే తక్కిన గుళ్లు తలుపులు మూస్తే, రాహుకేతు క్షేత్రమైన కాళహస్తి మాత్రం తెరిచి ఉంచి అభిషేకాలు చేస్తుంది. కనుక ఈ ఆల్బంకు ఇక్కడ టీక పుట్టడం యుక్తమేనని, మరో ఊరివారు ఆక్షేపించరాదని భావము.

'మనీ' పాట ఏడు దెబ్బల లయ. పాశ్చాత్య రాక్‌లో అరుదని దాని గురించి చాలా రాశారు. మిశ్రచాపుకు అలవాటుపడిన చెవికి అందులో అరుదు ఏమీ లేదు. గిటారు సోలో రాగానే నాలుగుకు దిగిపోవడమే కాస్త నిరాశ.

అసలు చిక్కు 'ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై' దగ్గర వచ్చింది. అందులో పాడే మాట ఒక్కటీ లేదు; ఆలాపనే. ప్రతిపదార్థం రాయడానికి పదమేదీ? 1973 ఆల్బంలో దాన్ని పాడిన క్లేర్ టోరీకి అప్పట్లో ముట్టింది 30 పౌండ్లు. ఆ ఆలాపన తన కల్పనేనని ఆమె 2004లో కోర్టుకెక్కింది. మరుసటి ఏడు రాజీ కుదిరి, రైట్ పక్కన ఆమె పేరూ కర్తగా చేరింది. మాట లేని పాటకు కూడా కర్తృత్వం ఉంటుందని అలంకారశాస్త్రం చెప్పని ముక్క ఆ రాజీ వల్ల తేలింది. పల్స్‌లో దీన్ని సామ్ బ్రౌన్, దుర్గా మెక్‌బ్రూమ్, క్లాడియా ఫొంటేన్ ముగ్గురూ వంతులు వేసుకుని పాడారు. దుర్గ పేరు చూసి టీకాకారుడు ఒక్క క్షణం లేచి నిలబడ్డాడని వినికిడి. ఒక గొంతు నుంచి ఇంకో గొంతుకు పాట మారే ఆ చోట్లలో ఈ ఆల్బం నిజంగా బతికి ఉంది. 'కంఫర్టబ్లీ నంబ్' కూడా అంతే: స్టూడియోలో ఆరున్నర నిమిషాల లోపు ముగిసిన పాటను గిల్మర్ గిటారు ఇక్కడ తొమ్మిదిన్నర దాకా లాగింది, ఒక్క క్షణం కూడా ఎక్కువనిపించదు. తక్కినచోట్ల అంతా మరీ నున్నగా దువ్వినట్టుంటుంది. ఈ మాట అంటే ఫ్లాయిడ్ భక్తులకు కోపం వస్తుంది, రానీ.

తెలుగు అన్వయం లేకుండా టీక పూర్తి కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి అదే 1995లో 'డ్రీమ్' తెచ్చాడు. ఆ ఆల్బం వేసిన రియల్ వరల్డ్ కంపెనీ పీటర్ గేబ్రియల్‌ది. ఆయన జెనెసిస్ అనే మరో ప్రోగ్రెసివ్ బృందానికి తొలి గాయకుడు. తర్వాత శ్రీనివాస్ జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌ల 'రిమెంబర్ శక్తి'లో చేరాడు. ముంబై కచేరీని పట్టిన 'సాటర్డే నైట్ ఇన్ బాంబే' 2001లో వచ్చింది. అందులో చప్పట్లు మన చప్పట్లే. బెంగళూరు బృందం 'అగం' అయితే త్యాగరాజ కీర్తనలను డ్రమ్ముల మీద, ఎలక్ట్రిక్ గిటారు మీద మోయిస్తూ కర్ణాటక ప్రోగ్రెసివ్ రాక్ అనిపించుకుంది. తెలుగు మాటకు ఏడుపదుల డెసిబెళ్లు చాలవని వాళ్ల నమ్మకం కాబోలు.

పాఠాంతరములు: సీడీ ప్రతిలో 'వన్ ఆఫ్ దీజ్ డేస్' లేదు. ఎల్పీలోనూ క్యాసెట్టులోనూ ఉంది. క్యాసెట్టులో అదనంగా 'సౌండ్‌స్కేప్' అని ఇరవై నిమిషాలకు పైగా సాగే ధ్వనుల ముక్క ఒకటి కనబడుతుంది. ఇది ప్రక్షిప్తమా, మూలమా? మొదలు కాని కచేరీ సందడిని కూడా పట్టుకుంది గనుక క్యాసెట్టు పాఠమే గ్రాహ్యమని టీకాకారుడు తేల్చాడు. ఆ టేపు తిప్పే డెక్కు తిరుపతిలో ఎక్కడ దొరుకుతుందన్నది టీక పరిధిలోని విషయం కాదు.