ఎద్దు పళ్ళు చూస్తాం, ఇనుము పళ్ళు చూడం

అటు నంద్యాల, ఇటు ఆళ్ళగడ్డ, నడుమ కొత్తపల్లె. ఈ సీమలో రైతు ఎద్దును కొనాలంటే సంతలో దాని నోరు తెరిపించి పళ్ళు లెక్కపెడతాడు. వీపు మీద సుడులు చూస్తాడు. నాలుగడుగులు నడిపిస్తాడు, కాడి కట్టి లాగిస్తాడు. అప్పటికీ నమ్మకం చాలక తువ్వాలు కింద చేతులు పట్టుకుని ధర తేలుస్తాడు. అదే మనిషి ఇంటి వెనక రేకుల షెడ్డులోకి మిల్లింగ్ మిషన్ కొనాలంటే ఫోన్‌లో ఫొటో చూసి అడ్వాన్సు కొడతాడు. ఫొటోలో పచ్చరంగు మిలమిలా మెరుస్తోంది కదా, ఇంకేం కావాలి!

"దీంతో ఏం పని చేస్తావప్పా?" అని అడిగి చూడండి. మొహం మాడ్చుకుంటాడు. "ఏమన్నా చేయొచ్చు" అంటాడు. ఏమన్నా చేయగల మిషన్‌ను ఏ కంపెనీ ఇంతవరకు తయారు చేయలేదు. మిల్లింగ్ అంటే గిర్రున తిరిగే కట్టరు కిందికి, బల్ల మీద బిగించిన ముక్కను కొంచెం కొంచెంగా నెట్టడం, అంతే. లేతులో ముక్క తిరుగుతుంది, ఇక్కడ కట్టరు తిరుగుతుంది. కొత్తపల్లె లాంటి ఊళ్ళో ఇంటి షెడ్డు గడప తొక్కే పనులేమిటో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు: రోటవేటర్ షాఫ్టుకు కీవే, పంపు కప్లింగు, ఏదో బ్రాకెట్టు చదును చేయడం, ఎప్పుడన్నా ఒక గేరు. ఆ గేరు కోయాలంటే ముక్కను సమాన భాగాలుగా తిప్పే ఇండెక్సింగ్ హెడ్డు వేరే కొనాలన్న సంగతి మిషన్ దిగాక తెలుస్తుంది. కీవేలే ఎక్కువైతే పాత షేపరు చాలు. వెనక్కీ ముందుకీ కదులుతూ తన పని తాను చేసుకుపోతుంది, దాని టూలును సానరాయి మీద మనమే పదును పెట్టుకోవచ్చు. కానీ షేపరు కొన్నానని ఎవరికి చెప్పుకోవాలి? దానికి యూట్యూబ్‌లో చప్పట్లు లేవు.

ఆళ్ళగడ్డ శిల్పి రాయిని తట్టి, మోత విని గానీ ఉలి పట్టడు. ఆ ఊరికి ఇంత దగ్గర్లో ఉండి మనం నేర్చుకున్నదేమిటంటే, గుడికి విగ్రహం కావలసినప్పుడు అక్కడికి వెళ్ళడం.

కొనాలన్న మాట పొక్కగానే సలహాదారులు దిగుతారు. "బరువు చూడప్పా, బరువు. టన్ను లేనిది మిషనే కాదు" అంటాడొకడు. "త్రీ ఇన్ వన్ తీసుకోన్నా. లేతు, డ్రిల్లు, మిల్లు అన్నీ దాంట్లోనే" అంటాడు ఇంకొకడు. డాలస్‌లో ఉన్న అల్లుడు వీడియో పంపుతాడు: "మామయ్యా, బ్రిడ్జ్‌పోర్ట్ ఒక్కటే మిషన్, మిగతావన్నీ బొమ్మలు." ఐటీఐలో రెండేళ్ళు మెషినిస్టు ట్రేడు చదివి, చేత్తో హ్యాండిల్ తిప్పి, ఇనుప పొట్టు ఊడ్చిన పిల్లోడు అదే వీధిలో ఉన్నాడు. వాణ్ణి ఎవరూ అడగరు. సలహా చెప్పాలంటే తెల్ల చొక్కా, కొంచెం బొజ్జ ఉండాలి మరి.

బ్రిడ్జ్‌పోర్ట్ మంచి మిషన్, కాదనను. 1938లో అమెరికాలోని కనెక్టికట్‌లో పుట్టింది, దాని నమూనాలో లోకమంతా మిషన్లు చేసుకుంది. అల్లుడు పంపిన వీడియోలో అది కారు షెడ్డులో, మందపాటి కాంక్రీటు మీద, ఏసీ గాలిలో నిలబడి ఉంది. మామయ్యది నల్లరేగడి. ఇక త్రీ ఇన్ వన్ సంగతి. మిల్లు మీద బిగించిన పని సగంలో ఉండగా లేతు పని తగిలితే, బిగించినదంతా విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ కొలత సరిచూసుకోవాలి. మూడు పనులు చేస్తుందన్నది నిజమే, ఒకటి చేస్తుంటే మిగతా రెండూ సెలవు మీద ఉంటాయి.

బరువు మాటలో అబద్ధం లేదు. కట్టరు పళ్ళు ఒకదాని వెనక ఒకటి ఉక్కును కొడుతుంటే పుట్టే అదురును మింగేది పోత ఇనుము బరువే. యాభై అరవై కిలోల బల్ల మీది చిన్న మిషన్ అల్యూమినియాన్ని హాయిగా కోస్తుంది, ఉక్కు దగ్గర మాత్రం పొర పొరగా బతిమాలుకోవాలి. సరే, టన్నుదే తెచ్చారు. ఎక్కడ పెడతారు? నల్లమలకూ ఎర్రమలకూ నడుమ కుందూ పారే ఈ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. నాలుగంగుళాల సిమెంటు గచ్చు మీద టన్ను మిషన్‌ను దించి, ఉగాదికి లెవెల్ చూసి మురిసిపోతే, దసరాకు బల్ల నంద్యాల వైపు వంగి ఉంటుంది. గట్టి నేల తగిలేదాకా తవ్వి, గ్రావెల్ నింపి, కమ్మీ కట్టి పోసిన పునాది ఖర్చు ఏ సలహాదారు నోటా రాదు.

ఆ తరువాత కరెంటు. మిషన్‌కు త్రీఫేజు మోటరు, ఇంటికేమో సింగిల్ ఫేజు. "ఏముందన్నా, బోరు లైన్లోంచి లాగుదాం" అంటాడు ఊరి ఎలక్ట్రీషియన్, లోకకల్యాణం కోసమే పుట్టినవాడిలా. సేద్యానికని ఉచితంగా ఇచ్చే కరెంటుతో కట్టరు తిప్పితే 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ దాన్ని దొంగతనమంటుంది. తిన్నటి దారి ఉంది: చిన్న మోటరైతే సింగిల్ ఫేజును త్రీఫేజుగా మార్చే వీఎఫ్‌డీ పెట్టుకుని, మోటరు కనెక్షన్‌ను స్టారు నుంచి డెల్టాకు మార్చుకుంటే సింగిల్ ఫేజు మీదే నడుస్తుంది, స్పీడు కూడా చేతిలో ఉంటుంది. ఇది సెంటర్లో చెప్పుకోవడానికి రంజుగా ఉండదు, ఏం చేద్దాం!

అన్నిటికంటే నాకు ముచ్చటేసేది డీఆర్ఓ మోజు. డిజిటల్ రీడౌట్ అన్నమాట, బల్ల ఎంత జరిగిందో ఎర్రటి అంకెల్లో చూపే పెట్టె. 5 మైక్రాన్ల దాకా చూపిస్తుందట. చైత్ర వైశాఖాల్లో మన రేకుల షెడ్డులో పొద్దున్నుంచి మధ్యాహ్నానికి ఇనుము పదిహేను డిగ్రీలు వేడెక్కడం పెద్ద వింత కాదు. అడుగు పొడవు ఉక్కు ముక్క ఆపాటి వేడికి 50 మైక్రాన్లు సాగుతుంది. అంటే సద్దన్నం వేళ కొలిచినదీ సంగటి వేళ కొలిచినదీ ఒకే ముక్క కాదు. డీఆర్ఓ మాత్రం గంభీరంగా చివరి అంకె మారుస్తూ ఉంటుంది, అల్లుడికి ఫొటో వెళ్తుంది. లెక్క తప్పకుండా హ్యాండిల్ చుట్లు గుర్తుపెట్టుకోవాల్సిన బాధ డీఆర్ఓ తప్పిస్తుంది, నిజమే. రోటవేటర్ కీవేకు మైక్రాన్లెందుకు సామీ, సూతుల్లో చెప్పుకునే ఊళ్ళో?

పాత మిషన్ కొనేవాడి కథ వేరు. హెచ్.ఎం.టి. అంటే మనకు వాచీ, ట్రాక్టరు, చివరికి బియ్యం కూడా. మిల్లింగ్ మిషన్లు చేసిందని చెబితే కొత్తగా వింటారు. 1943లో హైదరాబాద్ గడ్డ మీద మొదలైన ప్రాగా టూల్స్ కూడా మిల్లింగ్ మిషన్లు చేసింది. అవి ఇప్పటికీ పాత ఇనుము బజార్లలో, గట్టి ఎముకలతో, కొత్త రంగుతో నిలబడి ఉంటాయి. ఆ రంగే అసలు మోసం. సంతలో ఎద్దు కొమ్ములకు పూసిన రంగు చూసి నవ్వేవాడు ఇక్కడ పోత ఇనుముకు పూసినదాన్ని చూసి కరిగిపోతాడు. హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ కదిపితే బల్ల కదలకుండా ఎంత తిరుగుతోందో చూడరేం? బల్లను నడిపే స్క్రూ నడుమ వదులుగా ఉండి, అంచుల దగ్గర బిగుసుకుంటే, ఏళ్ళ తరబడి నడుమే అరిగిందని అర్థం. ఆ అరుగుదలకు బిగింపు మందు కాదు. స్పిండిల్‌కు డయల్ గేజీ ఆనించి చేత్తో తిప్పితే బేరింగు బతుకు తెలిసిపోతుంది. స్తంభం గుండ్రంగా ఉన్న డ్రిల్-మిల్లు రకమైతే, పని నడుమలో తల పైకెత్తి దించారంటే కట్టరు మళ్ళీ అదే చోటికి రాదు. అమ్మేవాడు ఇవేవీ దాచడు, మనం అడగం, అంతే.

డబ్బు దగ్గర మన తెలివి మరీ వికసిస్తుంది. కేంద్రం ఉపాధి పథకం పీఎంఈజీపీ కింద తయారీ యూనిట్‌కు 50 లక్షల దాకా ప్రాజెక్టు రాయొచ్చు, పల్లెలో సబ్సిడీ 25 నుంచి 35 శాతం. ఇంకేం, పనిని బట్టి మిషన్ పోయి, సబ్సిడీని బట్టి మిషన్ వస్తుంది. మిగతాది చాలావరకు అప్పని గుర్తొచ్చేది మొదటి కంతు నాడు. ఢిల్లీ వారి దయ కూడా చూడండి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ జాబితాలో 18 వృత్తులున్నాయి. కమ్మరి ఉన్నాడు, శిల్పి ఉన్నాడు, తాళాలు చేసేవాడున్నాడు, పూలదండలు కట్టేవారూ ఉన్నారు. లేతు మీద నిలబడే టర్నరు, మిల్లు తిప్పే మెషినిస్టు మాత్రం లేరు. విశ్వకర్మ కులదైవమైనా వీళ్ళింటికి రావడం మరిచిపోయాడు కాబోలు. ఉన్నవాళ్ళకిచ్చే పనిముట్ల వోచరు 15,000 రూపాయలు. మంచి వైసు, నాలుగు కట్టర్లు, వాటిని పట్టే కొలెట్లు కొనేసరికి ఆ వోచరు ఎక్కడుందో వెతుక్కోవాలి. మిషన్ ధర కాగితం మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ఈ సరంజామా అంతా ఆ కాగితానికి బయట ఉంటుంది.

ఇంత చేసి ప్రారంభోత్సవం నాడు యజమాని లుంగీ కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని, చేతికి గ్లవ్స్ తొడుక్కుని తిరుగుతున్న కట్టరు దగ్గరికి వంగుతాడు. గ్లవ్స్ తీసేయండయ్యా. కట్టరు గుడ్డను పట్టుకుంటే చేతిని వదలదు.

కొత్తపల్లె పెద్దమనుషులారా, గడిచిన ఏడాదిలో నంద్యాల లేతు షాపులకు మీరెంత కట్టారో ఒక కాగితం మీద రాయండి. అది బ్యాంకు వడ్డీ కంటే తక్కువైతే మిషన్ కొనకండి, ఆ షాపులకే వెళ్ళండి. ఎక్కువైతే ఆ ఐటీఐ పిల్లోణ్ణి వెంటబెట్టుకుని, సంచిలో డయల్ గేజీ వేసుకుని బండెక్కండి. వాడి బస్సు ఛార్జీలు, ఆ రోజు కూలీ మీరే ఇవ్వాలి.