ఇసుక చల్లిన నాయుడు, ఇసుకలో రాసిన డాక్టరు

కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఉప్పిలిపాళయం నుంచి గోల్డ్‌విన్స్ దాకా 10.1 కిలోమీటర్ల పైవంతెన 2025 అక్టోబరులో తెరుచుకుంది. దానికి జి.డి. నాయుడు పేరు పెట్టారు. బస్సులు నడిపి, యంత్రాలు కనిపెట్టి, బడి చదువు మాత్రం పూర్తి చెయ్యని మనిషి పేరున్న ఆ వంతెన మీద ఇప్పుడు రెండేసి డిగ్రీలున్నవాళ్లు కార్లు పరుగెత్తిస్తుంటారు. 'కెరీర్‌లో ఎదగడం ఎలా' అనే శిక్షణ తరగతికి వేళకు చేరుకోవాలి మరి. వంతెన దిగాక సిగ్నల్ దగ్గర అందరి ఎదుగుదలా ఒకేచోట ఆగుతుంది.

నాయుడిలాంటి ఈ ఊరి తెలుగువాళ్లు నిన్నమొన్న సూట్‌కేసులతో దిగినవాళ్లు కారు. విజయనగరం, మదురై నాయకుల కాలాల్లో దక్షిణానికి వచ్చి, నల్లరేగడి నేల చూసుకుని పత్తి వేసుకుని, వచ్చిన దారి మరిచిపోయినవాళ్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మాట్లాడమంటే గడగడా మాట్లాడతారు. తెలుగు కాగితం చేతికిచ్చి చదవమంటే మాత్రం చాలామందికి కళ్లజోడు ఇంట్లో మరిచిపోయిన సంగతి గుర్తుకొస్తుంది.

ఈ ఇళ్లలో పిల్లల్ని దారిలో పెట్టడానికి నీతి కథలు అక్కర్లేదు, జి.డి. నాయుడు చాలు. ఆ పేరు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. పిల్లవాడు సోమరిగా కూర్చుంటే, "జి.డి. నాయుడు నీ వయసులో ఏం చేస్తా ఉండె, నువ్వేం చేస్తా ఉండావు?" అంటారు. ఆ పిల్లవాడే తెలివిగా, "ఆయన బడి మానేశాడు కదా నాయనా, నేనూ మానేస్తా" అంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఆయన జి.డి. నాయుడు. నువ్వెవురురా?"

అలాంటి ఇంట్లో పుట్టి, ఊళ్లోని పీళమేడులో పెరిగి, ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో నలభైకి దగ్గరపడినాయన ఒకరున్నారు. మనవాడు అనుకుందాం. పనిలో హుషారు తగ్గిందని పైవాళ్లు ఆయన్నొక శిక్షణ తరగతికి పంపించారు. శిక్షకుడు తెర మీద మొదట సింహాన్ని, తర్వాత హిమాలయాన్ని చూపించాడు. "మీలోని నిప్పు రాజెయ్యండి" అన్నాడు. ఏసీ పద్దెనిమిది మీద ఉంది. టీ, బిస్కెట్లు అయ్యాక కాగితాలు పంచి, ఎవరి బలహీనతలు వాళ్లు మూడేసి రాయమన్నాడు. హాల్లో ముప్పావు మంది మొదటి గీత మీద ఒకటే రాశారు: 'పనిలో పడితే నాకు ఒళ్లు తెలియదు.' ఇంతమంది ఒళ్లు తెలియని సిబ్బందిని పెట్టుకుని సంస్థ హుషారు కోసం మనిషిని ఎందుకు పిలిపించుకుందో ఎవరూ అడగలేదు.

ఆ కాగితం జి.డి. నాయుడి చేతికిస్తే మూడు గీతలు చాలేవి కావు. 1893లో కోయంబత్తూరు దగ్గరి కలంగల్ అనే పల్లెలో రైతు ఇంట పుట్టాడు. బడి పడలేదు. పంతులు మొహాన ఇసుక చల్లి బయటపడ్డాడన్న కథ అక్కడ ముసలివాళ్లందరికీ తెలుసు. కుర్రతనంలో ఒకరోజు ఒక తెల్లదొర మోటారు సైకిలు మీద పోవడం చూశాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి మాత్రం పోతోంది. ఆ బండి కావాలి. కోయంబత్తూరు చేరి ఒక హోటల్లో సర్వరుగా కుదిరాడు. మూడేళ్లు బల్లల మధ్య తిరిగి కూడబెట్టిన డబ్బు పట్టుకెళ్లి ఆ దొర దగ్గర ఆ బండే కొన్నాడు. 300 రూపాయలని చెప్పుకుంటారు. కొన్నవాడు ఊరంతా ఊరేగాడా? ముందు విప్పాడు. నట్టూ బోల్టూ అన్నీ విడదీసి పరిచి, ఏది ఎందుకుందో చూసుకుని మళ్లీ బిగించాడు.

దీన్ని రెజ్యూమేగా రాసి చూడండి. చదువు: మధ్యలో ఆగింది. అనుభవం: సర్వరు. జీవిత లక్ష్యం: ఒక మోటారు సైకిలు. సాధించినవి: దాన్ని విప్పడం. హెచ్.ఆర్. వాళ్లు రెండో రౌండుకి పిలవరు.

తర్వాత పత్తి వ్యాపారం పట్టాడు. మొదట కలిసొచ్చింది. ఆ ఊపులో బొంబాయి వెళ్లి అక్కడి పెద్ద వ్యాపారుల మధ్య చేతులు కాల్చుకున్నాడు. ఇప్పుడైతే దాన్ని 'లెర్నింగ్ ఎక్స్‌పీరియన్స్' అంటూ స్లైడులో పెడతారు, అప్పట్లో నష్టం అనేవారు. తిరిగొచ్చి, కోయంబత్తూరు పారిశ్రామికవేత్త స్టేన్స్ దొర సాయంతో 1920లో ఒక బస్సు సంపాదించి పొల్లాచ్చి, పళనిల మధ్య తానే నడిపాడు. నిన్నటి పత్తి షావుకారు ఇవాళ్టి బస్సు డ్రైవరు. పెళ్లిచూపుల్లో చెప్పుకోదగ్గ ఎదుగుదల కాదిది. అయితే ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది, ఒక దశలో 280 బస్సుల దాకా పెరిగింది.

ఆ మీద ఆయన చేతికి తీరిక లేదు. రాసంట్ పేరుతో విద్యుత్ రేజరు, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, పళ్లరసం తీసే యంత్రం, దొంగతనానికి వీల్లేకుండా ఓట్లు నమోదు చేసే యంత్రం. 1936లో లండన్‌లో ఐదో జార్జి అంత్యక్రియల్ని తన కెమెరాతో తీశాడు. ఆ దశకంలోనే శాసనసభ ఎన్నికలకు నిలబడి ఓడిపోయాడు. ఓట్ల యంత్రానికి దారి తెలిసినాయనకు ఓట్ల దారి తెలియలేదు.

అన్నిటికన్నా ముచ్చటైనది కాలేజీ కథ. 1945లో కోయంబత్తూరులో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది. విరాళమిచ్చిన నాయుడే మొదటి ప్రిన్సిపాల్. ఇంజనీరింగుకు నాలుగేళ్లు దండగ, రెండేళ్లు చాలన్నాడు. దొరతనం వారు ససేమిరా అన్నారు. రాజీనామా ఇచ్చి ఇంటికొచ్చేశాడు. చిన్నప్పుడు బడి మధ్యలో వదిలిన మనిషి పెద్దయ్యాక కాలేజీ కూడా మధ్యలోనే వదిలాడు, ఈసారి ప్రిన్సిపాల్ హోదాలో. ఆ కాలేజీ నేటికీ నడుస్తోంది, ప్రభుత్వ సాంకేతిక కళాశాల పేరుతో. చదువు నాలుగేళ్లే.

కోపంలో కూడా తక్కువ మనిషి కాదు. 1950లలో పన్నులు మరీ ఎక్కువయ్యాయని, తాను చేయించిన వస్తువుల్నే జనం ముందు పగలగొట్టించాడు. ఇప్పటి ఉద్యోగికి అంత కోపమొస్తే లింక్డ్‌ఇన్‌లో సూర్యోదయం ఫొటో పెట్టి 'కొత్త అవకాశాలకు సిద్ధం' అని రాస్తాడు.

అంతా నాయుడొక్కడి మహిమే అంటే ఊరికి అన్యాయం చేసినట్టు. ఆ నేల పత్తి పండిస్తుంది, కాబట్టి మిల్లులు వచ్చాయి. మిల్లుల్లో యంత్రాలు ఇంగ్లండువి. ఒక పళ్లచక్రం విరిగితే కొత్తది ఓడ మీద రావాలి. అది వచ్చేదాకా కూర్చోలేక ఊళ్లోనే పోతపోసే ఫౌండ్రీలు పుట్టాయి. 1930లలో నీలగిరుల్లోని పైకారా నుంచి జలవిద్యుత్తు వచ్చింది. బావులు లోతు, నీళ్లు పైకి రావాలి, కరెంటు ఉంది, కావలసింది మోటారు. 1937లో డి. బాలసుందరం నాయుడు, జి.డి. నాయుడు కలిసి మోటారు చేసి చూపించారు. బాలసుందరం తర్వాత టెక్స్‌టూల్ సంస్థ పెట్టాడు. వీళ్లకెవరూ సింహం బొమ్మ చూపించలేదు. పైరు ఎండిపోతోంది, అంతే.

పీళమేడులోనే పి.ఎస్. గోవిందస్వామి నాయుడు గారి నలుగురు కొడుకులూ 1926లో ఆస్తి పంచుకున్నారు. నలుగురికి ఐదు వాటాలు వేశారు. మామూలుగా నలుగురు అన్నదమ్ములు పంచుకుంటే ఐదో వాటా లాయరుది. ఇక్కడ ధర్మానికి వెళ్లింది. అదే పి.ఎస్.జి. ధర్మసంస్థ. మనవాడు ఇంజనీరింగ్ చదివింది వాళ్ల కాలేజీలోనే. అదే ఆవరణలో పంపులూ మోటార్లూ తయారుచేసే కర్మాగారం ఉంది. నాలుగేళ్లూ దాని పక్క నుంచే క్యాంటీనుకి వెళ్లాడు.

ప్రమోషన్ల విషయంలో మదురై ఇంకా పాత ఊరు. పాండ్యుడికి సాయం చెయ్యమని విజయనగరం రాయలు నాగమ నాయకుణ్ణి అక్కడికి పంపితే, పని ముగించి మదురైని తానే పట్టుకుని కూర్చున్నాడట. పంపిన ప్రాజెక్టునే సొంతం చేసుకున్న మేనేజరన్నమాట. వాణ్ణి పట్టితెచ్చేవారెవరని కొలువులో రాయలు అడిగితే, నేను తెస్తానని లేచింది సాక్షాత్తూ నాగమ కొడుకు విశ్వనాథుడు. అన్నట్టే తండ్రిని బంధించి తెచ్చాడు. రాయలు తండ్రిని క్షమించి, మదురైని కొడుక్కి అప్పగించాడు. నాయకుల పాలన 1529లో ఇలా మొదలైందని సంప్రదాయ కథ. ఈ పద్ధతిలో ఎదగాలనుకునేవారు ముందుగా ఇంట్లో నాయనతో ఒక మాట అనుకోవడం మంచిది.

ఆ మదురైకి దక్షిణాన వడమలాపురం అనే పల్లెలో 1918లో గోవిందప్ప వెంకటస్వామి పుట్టాడు. ఆయన బడిలో పలకా కాగితమూ లేవు. ఏటి ఇసుక తెచ్చి నేల మీద పరుచుకుని పిల్లలు అందులో వేలితో రాసుకునేవారు. కలంగల్ కుర్రాడు పంతులు మీద చల్లిన సరుకు మీదే వడమలాపురం కుర్రాడు అక్షరాలు దిద్దాడు. చుట్టాల్లో ఆడపిల్లలు కాన్పుల్లో పోవడం చూసి, కాన్పుల డాక్టరు కావాలనుకున్నాడు. 1944లో మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీ నుంచి డాక్టరయ్యాడు, సైన్యంలో చేరాడు. అంతలో కీళ్లవాతం పట్టుకుంది. మంచం దిగడమే గగనమైంది. వేళ్లు శాశ్వతంగా వంకరపోయాయి. ఆ చేతులతో కాన్పులు చెయ్యడం కుదరదన్నారు.

సరేనని కంటి వైద్యానికి మారాడు. బిడ్డను పట్టుకోలేని వేళ్లకు అంతకంటే ఎంతో సన్నని పని! తన చేతికి సరిపడేలా పనిముట్లు చేయించుకుని, కత్తి పట్టడం మొదటి నుంచి నేర్చుకుని, జీవితంలో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశాడు. రోజుకు వందదాకా చేసిన రోజులున్నాయి.

ప్రభుత్వ కొలువులో 58వ ఏట విరమణ. మన ఇళ్లలో ఆ వయసు మనిషికి రెండే పనులు: పొద్దున పేపరు, సాయంత్రం పార్కు. ఈయన 1976లో మదురైలో పదకొండు మంచాలతో అరవింద్ కంటి ఆసుపత్రి తెరిచాడు. డబ్బు లేదు. తోబుట్టువులు, వాళ్ల భార్యలు, భర్తలు తలా ఒక చెయ్యి వేశారు. చెల్లెలు నాచియార్, ఆమె భర్త నంపెరుమాళ్ స్వామి ఇద్దరూ కంటి డాక్టర్లే. అన్న పిలిచాడు, వచ్చి పనిలో దిగారు. తెలుగు కుటుంబంలో పెద్దన్న పిలుపుని మించిన ఆఫర్ లెటర్ ఎక్కడుంది? జీతం గడి ఖాళీగా ఉన్నా సంతకం పెట్టాల్సిందే.

ఈయనకు హుషారు కలిగించింది ఏ ఉపన్యాసమో కాదు, అమెరికా మెక్‌డొనాల్డ్స్. ఏ ఊళ్లో కొన్నా బర్గర్ ఒకేలా, ఒకే నాణ్యంతో, చవగ్గా వస్తున్నప్పుడు కంటి ఆపరేషన్ ఎందుకు రాదని డాక్టరుగారి సందేహం. వాళ్ల హాంబర్గర్ యూనివర్సిటీకి కూడా వెళ్లి చూసొచ్చాడు. మదురైలో ఆ చూపు ఇలా తేలింది: ఒకే గదిలో రెండు బల్లలు. ఒకదాని మీద డాక్టరు ఆపరేషన్ చేస్తుంటే రెండోదాని మీద తర్వాతి రోగిని సిద్ధం చేస్తారు. మొదటిది ముగియగానే డాక్టరు సూక్ష్మదర్శినితో సహా ఇటు తిరుగుతాడు. డబ్బున్నవాళ్లు ఇచ్చే ఫీజు మీద, లేనివాళ్లకు ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో చూపు వస్తుంది. కంటిలో అమర్చే కటకం దిగుమతి ధర భరించలేమని 1992లో ఆరోల్యాబ్ పెట్టి తామే తయారుచేసుకున్నారు.

డాక్టరు అంత త్వరగా తిరగాలంటే చుట్టూ పని తెలిసిన చేతులుండాలి. చుట్టుపక్కల పల్లెల నుంచి పన్నెండో తరగతి అయిన అమ్మాయిల్ని తీసుకుని రెండేళ్లు నేర్పిస్తారు. చూపు కొలవడం, మందు చుక్కలు వెయ్యడం, రోగిని బల్ల మీదికి సిద్ధం చెయ్యడం, డాక్టరు చెయ్యి చాపేలోపు పనిముట్టు అందించడం వాళ్ల పనే. నేర్చుకున్నకొద్దీ కొందరు తర్వాతి జట్టుకు నేర్పేవాళ్లవుతారు. మొట్టమొదటిసారి ఊరు దాటి వచ్చిన పిల్ల, నాలుగేళ్లు తిరక్కుండా, బెదిరిపోయిన ముసలాయన తల నిమురుతూ "కదలొద్దు తాతా, ఐపోయింది" అంటుంది. శిక్షణలో హిమాలయం ఉండదు. ఒక చుక్కల సీసా, ఒక కన్ను ఉంటాయి.

మనవాడు మొన్నొక పెళ్లికి మదురై వెళ్లి, వాళ్ల చిన్నాయన కంటి పరీక్షకు తోడుగా అరవింద్‌లో ఒక పూట కూర్చున్నాడు. వరసలు ఎలా కదులుతున్నాయో చూసి, సాఫ్ట్‌వేర్ మనిషి కాబట్టి, ఎక్కడ ఆగుతున్నాయోనని వెతికాడు. దొరకలేదు. కాస్త నొచ్చుకున్నాడు కూడా. తిరిగొచ్చిన ఆదివారం ఇంట్లో మిక్సీ మొరాయిస్తే, షాపుకి ఇవ్వకుండా తానే ముందేసుకు కూర్చున్నాడు. వార్తాపత్రిక పరిచి, మోటారు విప్పి, అరిగిపోయిన కార్బన్ బ్రష్‌లు గాంధీపురంలో తెచ్చి మార్చి, తీగలు కలిపి బిగించాడు. ఇంజనీరింగ్ పట్టా వచ్చాక చేతికి గ్రీజు అంటడం అదే మొదలు. స్విచ్ వేస్తే గిర్రున తిరిగింది. ఇల్లంతా చప్పట్లు.

కొబ్బరి వేసి జారు పెట్టాక తెలిసింది, తీగలు రెండూ తారుమారై మోటారు ఎదురు దిక్కున తిరుగుతోంది. జారు కింద కప్లర్ మర దానంతటదే ఊడి వస్తోంది. వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్న అమ్మ అడిగింది:

"ఏమప్పా, ముందుకు పోతా ఉండాదా, ఎనక్కు పోతా ఉండాదా?"

"ఎనక్కేనమ్మా. ఎందుకో కనిపెట్టినా. ఇంకోసారి విప్పాల."

"విప్పు. ఆయనా విప్పే పెద్దోడయినాడు. ముందు ఈ కొబ్బరి రోట్లో రుబ్బి ఇచ్చిపో, దోసెలు ఆరిపోతా ఉండాయి."