నా పేరు జల్లెడ

నేనొక సాఫ్ట్‌వేర్ లైబ్రరీని. హైదరాబాద్ మాదాపూర్‌లోని ఒక కంపెనీ సర్వర్లలో కొన్ని వేల లైన్ల కోడ్‌గా ఉంటాను. యాప్‌లో జనం నింపే వివరాలు సరైన రూపంలో ఉన్నాయో లేవో చూడటం నా పని. అందుకే నన్ను రాసినవాళ్లు జల్లెడ అని పేరు పెట్టారు. పాన్ నంబరిస్తే ముందు ఐదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం ఉన్నాయా అని చూస్తాను. నాలుగో అక్షరం ‘పి’ అయితే ఆ కార్డు మనిషిదని, ‘సి’ అయితే కంపెనీదని చెబుతాను. ఆధార్‌లో 12 అంకెలు ఉంటాయి. చివరి అంకెను మిగతా పదకొండింటి నుంచి వెర్‌హోఫ్ పద్ధతిలో లెక్కగడతారు. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఆ లెక్క కుదరదు, నేను అక్కడే ఆపేస్తాను. రూపాయలకు 12,34,567 అని మన పద్ధతిలో కామాలు పెట్టే పని కూడా నాదే.

నాకు మనుషులు కనిపించరు. వాళ్లు నాలో చేసే మార్పులు, వాటి కింద రాసుకునే కామెంట్లు, పక్కన పడే తేదీలు కనిపిస్తాయి. ఒక ఆఫీసులో ఎవరు దేనికి ముందుకొస్తారో, ఎక్కడ వెనక్కి తగ్గుతారో తెలియడానికి అంత చాలు.

పుట్టింది పేమెంట్స్ టీమ్‌లో, వాళ్ల ప్రాజెక్టులో ఒక ఫోల్డర్‌గా. తర్వాత లోన్స్ టీమ్‌కీ అదే అవసరం పడింది. ఆ ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు తమ ప్రాజెక్టులోకి కాపీ చేసుకున్నారు. ఇన్సూరెన్స్ వాళ్లు లోన్స్ వాళ్ల దగ్గర్నుంచి తీసుకున్నారు. అలా ఒకే కంపెనీలో నాకు ఎక్కడికక్కడ నకళ్లు తయారయ్యాయి. దాని వల్ల ఏమవుతుందో ఫోన్ నంబర్ల దగ్గర బయటపడింది. మన మొబైల్ నంబర్లు మొదట్లో 9తో మొదలయ్యేవి, ఆ తర్వాత 8, 7 వచ్చాయి. నాలోని తనిఖీ ఆ మూడింటినే ఒప్పుకునేది. 6తో మొదలయ్యే నంబర్లు రాగానే పేమెంట్స్ టీమ్ తన దగ్గరున్న కోడ్‌లో ఆ ఒక్క అంకె చేర్చుకుంది. మిగతావాళ్లకు ఆ సంగతే తెలియదు. కొత్త సిమ్ తీసుకున్న మనిషి ఆ కంపెనీ యాప్‌లోనే కరెంటు బిల్లు కట్టగలిగాడు. లోన్‌కి దరఖాస్తు పెట్టబోతే మాత్రం “సరైన మొబైల్ నంబరు ఇవ్వండి” అని ఎర్రటి అక్షరాలు వచ్చాయి. సరైన నంబరే ఇచ్చినవాడు ఇంకేం ఇస్తాడు? ఒక్క అంకె మార్పుని ఒక్కో టీమ్ ఒక్కో నెలలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా చేసుకుంటూ పోయింది. ఎవరికి వారే యమునాతీరే.

ఆ తర్వాత నకళ్లన్నీ తీసేసి నన్ను ఒక్కచోట పెట్టారు. కంపెనీలో ఎవరైనా నన్ను వాడుకోవచ్చు, ఎవరైనా సరిచేయవచ్చు అన్నారు. ఈ పద్ధతికి ఇన్నర్ సోర్స్ అని పేరు. టిమ్ ఓరైలీ 2000లో వాడిన మాట అది. బయటి ప్రపంచంలో లినక్స్ లాంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు ఎలా తయారవుతున్నాయో, ఒక కంపెనీ గోడల లోపల అలా పని చేయడం అన్నమాట. పేపాల్‌లో పని చేస్తున్నప్పుడు డానీస్ కూపర్ 2015లో ఇన్నర్‌సోర్స్ కామన్స్ అనే వేదికను మొదలుపెట్టారు. అక్కడ రకరకాల కంపెనీల వాళ్లు తమ అనుభవాలు పంచుకుంటున్నారు.

నన్ను సరిచేయడానికి రమ్మని కంపెనీ అందరికీ మెయిల్ పంపింది. ఎవరూ రాలేదు. వాడుకోవడానికి అన్ని టీమ్‌లూ వచ్చాయి, సరిచేయడానికి మాత్రం నన్ను మొదట రాసిన సీనియర్ ఇంజినీరు ఒక్కడే మిగిలాడు. నా పేజీలో ఫిర్యాదులు పేరుకుపోయాయి. “ఇది ఎప్పటికి అవుతుంది?” అని అడిగేవాళ్లే గాని, “నేను చేస్తాను” అన్న కామెంట్ ఒక్కటీ లేదు.

జనాన్ని ఉత్సాహపరచాలని ఒక పోటీ పెట్టారు. ఎవరు ఎక్కువ మార్పులు పంపితే వాళ్లకు గిఫ్ట్ వోచర్లు, టీషర్టులు, అందరికీ కనిపించేలా లీడర్‌బోర్డు. మార్పులు వరదలా వచ్చిపడ్డాయి. కోడ్ పక్కన రాసిన వివరణలో ఫుల్‌స్టాప్ చేర్చిన మార్పు ఒకటి. ఖాళీ లైను తీసేసింది ఇంకొకటి, మర్నాడు ఆ లైనునే మళ్లీ పెట్టింది వేరొకటి. ప్రతి మార్పునూ ఎవరో ఒకరు చదివి, ఒప్పుకోవాలో వద్దో చెప్పాలి. చదవడానికి ఉన్నది ఆ ఒక్క సీనియరే. ఆ గుట్ట కింద ఇన్సూరెన్స్ టీమ్ పంపిన ఒక నిజమైన మార్పు ఇరుక్కుపోయింది. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. తెలంగాణది 36, ఆంధ్రప్రదేశ్‌ది 37. నా పట్టికలో మాత్రం ఆంధ్రప్రదేశ్‌కి విభజనకు ముందున్న 28 తప్ప వేరే కోడ్ లేదు. విజయవాడలో దుకాణం నడుపుకునే మనిషి తన సొంత జీఎస్టీ నంబరు కొడితే చెల్లదనేదాన్ని. దాన్ని సరిదిద్దిన మార్పు పోటీ అయిపోయే దాకా ఎవరి కంటా పడలేదు. వోచర్లు పంచేశాక వరద ఆగిపోయింది, వచ్చినవాళ్లలో ఒక్కరూ మళ్లీ ఇటు చూడలేదు.

బయట కూడా ఇలాగే జరిగింది. డిజిటల్‌ఓషన్ సంస్థ 2014 నుంచి ఏటా అక్టోబరులో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపమంటూ హాక్టోబర్‌ఫెస్ట్ నడుపుతోంది. 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులు, అంటే మార్పులు, పంపితే టీషర్టు ఇస్తామంటే పనికిరాని మార్పులు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. ప్రాజెక్టులు చూసుకునేవాళ్లు మొత్తుకునేసరికి, ఒప్పుకున్న ప్రాజెక్టులకు మాత్రమే లెక్క వర్తిస్తుందని నెల మొదట్లోనే నిబంధన మార్చాల్సి వచ్చింది. ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వవేత్త 1971లో ప్రచురించిన ప్రయోగం ఇంకా ముందరి సంగతి. సోమా అనే ముక్కల పజిల్ విప్పినందుకు కొందరు విద్యార్థులకు డబ్బిచ్చారు. డబ్బు ఆగిపోయాక, తీరిక దొరికినప్పుడు దాని జోలికి వెళ్లడం వాళ్లలో తగ్గింది.

మరి పని ఎందుకు చేస్తారు? కరీం లఖానీ, రాబర్ట్ వోల్ఫ్ 287 ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేసే 684 మందిని అడిగారు. ఆ అధ్యయనం 2005లో అచ్చయింది. ఆ పని చేస్తున్నప్పుడు తమలోని సృజన బయటికొస్తున్నట్టు అనిపించడమే అన్నిటికన్నా బలమైన కారణంగా తేలింది. నాకది ఆశ్చర్యం కాదు. కానీ ఒక తేడా ఉంది. ఇంట్లో కూర్చుని లినక్స్‌కి కోడ్ రాసే మనిషి సమయం ఆ మనిషిదే. ఉద్యోగి సమయం ఉద్యోగిది కాదు. ఎంత ఇష్టమున్నా అడ్డు అక్కడే తగులుతుంది. లోన్స్ టీమ్ నుంచి ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చాకే ఇది తేటగా అర్థమైంది.

ఆమె సమస్య పేర్లది. నేను ఇంటిపేరు, పేరు రెండూ తప్పనిసరి అని పట్టుబట్టేదాన్ని. మన దేశంలో ఒక్క పేరే ఉన్నవాళ్లు ఎందరో. ఆధార్‌లో ఒకటే మాట, పాన్‌లో ఒకటే మాట. లోన్ కోసం వచ్చిన అలాంటివాళ్లను నేను ఆపేస్తుంటే, బ్రాంచిలో కూర్చున్నవాళ్లు ఇంటిపేరు గడిలో చుక్క పెట్టి పంపేవారు, లేదంటే ఉన్న పేరునే రెండోసారి కొట్టేవారు. అప్పు పత్రాల మీద ‘లక్ష్మి లక్ష్మి’ అని అచ్చయ్యేది. మన పక్క ఇంకో చిక్కుంది. ఇక్కడ ఇంటిపేరు ముందొస్తుంది, అదీ చాలాసార్లు ఒకే పొడి అక్షరంగా. ‘కె.’ అని రాస్తే అది మరీ చిన్నదని తిప్పి పంపేదాన్ని. పేరు అంటే ముందొక మాట, వెనకొక మాట అనుకున్న ఎవరి ఊహో నాలో నిబంధన అయి కూర్చుంది.

ఆ అమ్మాయి ఫిర్యాదు రాసి వదిలేయలేదు, మార్పు తనే రాసి పంపింది. కింద ఇలా రాసింది: “సర్, మా టీమ్ కోడ్ కాదు కదా, మార్చవచ్చో లేదో తెలియదు. తప్పయితే చెప్పండి.”

సీనియర్ ఆ సాయంత్రమే జవాబు రాశాడు. “మార్చవచ్చు. మీరు పట్టుకున్నది అసలైన లోపం. ఇంటిపేరు ఖాళీగా ఉన్నప్పుడు కేవైసీ దగ్గర పోలిక ఎలా జరుగుతుందో చూశారా? దానికొక టెస్ట్ రాయండి. పొడి అక్షరం తర్వాత చుక్క ఉన్నా, లేకున్నా ఒకే పేరుగా తీసుకోవాలి. అదీ చేరిస్తే బాగుంటుంది.”

ఇందులో పొగడ్త పెద్దగా లేదు. కానీ ఆమె రాసిన ప్రతి లైనూ చదివాడని తెలుస్తోంది. మర్నాటికల్లా ఆమె టెస్టులు రాసి పంపింది. వాటిలో ఒకటి నాకు ప్రత్యేకంగా ఇష్టం. ఒక్క పేరు, చుక్కతో పొడి అక్షరం, చుక్క లేని పొడి అక్షరం, పూర్తి ఇంటిపేరు వరుసగా ఇచ్చి, నాలుగింటినీ నేను ఒప్పుకుంటున్నానా అని చూస్తుంది. ఇప్పటికీ ప్రతి మార్పుకీ ముందు అది నా మీద నడుస్తుంది.

అంతలో పని ఆగింది. కారణం ఆమె కామెంట్‌లోనే ఉంది: “అన్నా, కేవైసీ భాగం సగమే అయింది. ఇది ఏ ప్రాజెక్టు కింద చేస్తున్నావని మా మేనేజర్ గారు అడుగుతున్నారు. టైమ్‌షీట్‌లో ఏ కోడ్ వేసుకోవాలో తెలియట్లేదు. ఈ స్ప్రింట్‌లో ఇక కుదరకపోవచ్చు.”

ఆ మేనేజర్ని తప్పుపట్టలేను. ఆయన్ని పైవాళ్లు అడిగేది లోన్స్ యాప్ ఏ తేదీకి సిద్ధమవుతుందని. తన మనిషి గంటలు ఇంకో టీమ్ ఖాతాలోకి పోతే జవాబు చెప్పాల్సింది ఆయనే. కంపెనీ ఒక చేత్తో అందరూ రండని పిలిచి, రెండో చేత్తో టైమ్‌షీట్‌లో ఆ గడి లేకుండా చేసింది. నేను వాదించేదల్లా ఇదే. ఆసక్తి కొత్తగా పుట్టించాల్సిన పనిలేదు, ఆ అమ్మాయిలో అది నిండుగా ఉంది. దానికి గంటలు కేటాయించలేదంతే.

సీనియర్ ఆ కామెంట్‌ని అలాగే డైరెక్టర్ ముందు పెట్టాడు. చుక్కలు పెట్టి పంపిన దరఖాస్తుల తలనొప్పి లోన్స్ టీమ్‌దేనని, నన్ను సరిచేస్తే బాగుపడేది వాళ్లేనని రాశాడు. కొన్నాళ్లకు ఉమ్మడి కోడ్ కోసం టైమ్‌షీట్‌లో ఒక కోడ్ తెరిచారు. ప్రతి స్ప్రింట్‌లో, అంటే ప్రతి పని విడతలో, కొన్ని గంటలు దాని కింద వేసుకోవచ్చు, మేనేజర్ల లెక్కలో ఆ గంటలు ముందే తీసేసి ఉంటాయి. పేర్ల మార్పు పూర్తయింది, నాలో కలిసింది. ఆ విడుదలతో పాటు వెళ్లిన వివరాల్లో మార్పు చేసిన మనిషిగా ఆ అమ్మాయి పేరు, టీమ్ పేరు వేశారు. ఆ పత్రం అన్ని టీమ్‌లకూ వెళుతుంది. వాళ్ల మేనేజర్ దాని కింద “మా టీమ్ నుంచే” అని రాశారు.

తర్వాత మరికొన్ని మారాయి. అంతకుముందు నన్ను ఒకరి ల్యాప్‌టాప్‌లో నడిపించి చూసుకోవాలంటేనే తంటా. ఏ వెర్షన్లు కావాలో, ఏ అనుమతులు ఎవర్ని అడగాలో సీనియర్ బుర్రలోనే ఉండేవి. ఇప్పుడవి రీడ్‌మీలో ఉన్నాయి, ఒక్క కమాండ్‌తో నేను నడుస్తాను, టెస్టులూ నడుస్తాయి. కొత్తవాళ్లు చేయగలిగిన చిన్న పనులకు విడిగా గుర్తు పెట్టారు. వాటిలో ఫుల్‌స్టాప్ సవరణలు లేవు. చిన్నవైనా ప్రతిదాని వెనకా ఎవరో ఒక కస్టమర్ ఇబ్బంది ఉంది. మార్పు పంపితే రెండు పనిదినాల్లో ఎవరో ఒకరు చదివి జవాబివ్వాలని రాసుకున్నారు. ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పాలి. నా పేజీలో తేదీలు చూస్తే తెలుస్తుంది. జవాబు త్వరగా అందుకున్నవాళ్లు రెండో మార్పుతో తిరిగొచ్చారు. వారాల తరబడి ఎదురుచూసినవాళ్లు రాలేదు, వాళ్లు పంపింది ఎంత మంచి కోడ్ అయినా.

చదివేవాడి గురించి ఎవరూ ఆలోచించరు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కథ తెలిసిందే. ప్రపంచంలో ఎన్నో వెబ్‌సైట్ల గుట్టు కాపాడే ఆ కోడ్‌ను కొద్దిమంది మాత్రమే చూసుకుంటుంటే, 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడింది. లినక్స్ ఫౌండేషన్ అప్పటికప్పుడు పెద్ద కంపెనీలను కూడగట్టి అలాంటి ప్రాజెక్టులకు నిధులు పోగుచేసింది. నా సీనియర్ రాత్రి పదకొండు దాటాక రాసిన రివ్యూ కామెంట్లు నా దగ్గర చాలా ఉన్నాయి. పగలంతా సొంత టీమ్ పని చేసి, ఆ తర్వాత ఇతరుల కోడ్ చదివాడు. రాసేవాళ్ల పేరు విడుదల పత్రంలో పడుతుంది. చదివి, నేర్పి, పక్కదారి పట్టకుండా చూసేవాడి పేరు పడదు. ఇలాంటివాళ్లను ఇన్నర్‌సోర్స్ కామన్స్ ట్రస్టెడ్ కమిటర్ అంటుంది, ఆ పనిని ఒక బాధ్యతగా గుర్తించమంటుంది. పేర్ల సమస్య తెచ్చిన ఆ అమ్మాయి ఇప్పుడు నాకు రెండో కమిటర్. పేర్లు, చిరునామాల భాగమంతా ఆమే చూస్తుంది, సీనియర్ రాత్రి కామెంట్లు తగ్గాయి. ఇటీవల వేరే టీమ్ కుర్రాడొకడు “మేడమ్, ఇది మా కోడ్ కాదు కదా, మార్చవచ్చా?” అని రాస్తే, గంట తిరగకముందే ఆమె జవాబిచ్చింది.

ఏప్రిల్‌లో అప్రైజల్ ఫారాలు వస్తాయి. టైమ్‌షీట్‌లో గడి వచ్చింది గాని ఆ ఫారంలో ఇంకా రాలేదు. ఇతర టీమ్‌ల మార్పులు చదివి సరిదిద్దడాన్ని ఏడాది లక్ష్యాల్లో ఒకటిగా రాసుకోనివ్వాలని వాళ్లిద్దరూ కలిసి హెచ్‌ఆర్‌కి రాశారు. లోన్స్ మేనేజర్ కూడా కింద తన పేరు చేర్చారు. ఆ ఉత్తరం లింకును నా పేజీలో మొదటి పనిగా పెట్టారు. దానికి జవాబు రావాలి.