హిమానీనదాల బెడద

మళ్లీ హిమానీనదమే. ఐస్‌లాండ్ బృందం సిగుర్ రోస్ 2002లో విడుదల చేసిన ఆ పేరులేని ఆల్బమ్ మీద ఏ శ్రోత అభిప్రాయం తిరగేసినా, నాలుగో వాక్యం లోపు ఒక హిమానీనదం కరిగి తీరుతుంది. కరగకపోతే విరుగుతుంది. ఆ పక్కనే ఒక అగ్నిపర్వతం, పైన ఉత్తర ధ్రువపు వెలుగులు, మధ్యలో దారి తప్పిన ఒక దేవదూత, చివర్లో కన్నీళ్లు. అయిదు నక్షత్రాలు. కొన్నాళ్లుగా ఇవే చదువుతుంటే పడిశం పట్టేలా ఉంది. ఐస్‌లాండ్‌కు టికెట్లు అమ్ముకునేవాళ్లు కూడా ఇంతకన్నా పొదుపుగా రాస్తారు. పోనీ, నచ్చనివాళ్లు నయమా అంటే, వాళ్లది ఒకటే మాట: నిద్రొచ్చింది. ఒక నక్షత్రం. మెచ్చినవాడు తన కన్నీళ్ల గురించి చెప్పాడు, తిట్టినవాడు తన నిద్ర గురించి చెప్పాడు. మధ్యలో దాదాపు 72 నిమిషాల సంగీతం ఉంది, దాని గురించి మాత్రం ఎవరూ నోరు విప్పలేదు. నా ఫిర్యాదు అదే.

చెప్పడానికి ఏమీ లేకనా? కావలసినంత ఉంది. గాయకుడు జోన్సీ గిటారును సెల్లో కమానుతో వాయిస్తాడు. మీటితే టక్కున పుట్టి కాసేపట్లో ఆరిపోవలసిన స్వరం, కమాను రాపిడికి ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియకుండా సాగుతుంది. మూడో పాటలో పియానో మీద ఒక చిన్న వరస విసుగూ విరామం లేకుండా తిరిగి తిరిగి వస్తుంది. ఎనిమిదో పాటలో డ్రమ్ములు చాలాసేపు బుద్ధిగా కూర్చుని, చివరి నిమిషాల్లో విరుచుకుపడతాయి. మొదటి నాలుగు పాటలు తేలిక, తర్వాతి నాలుగూ బరువు. నడుమ 36 సెకన్ల నిశ్శబ్దం. రికార్డు చేసిందేమో రేక్యవిక్ శివార్లలో 1930ల నాటి ఈతకొలనును మార్చి కట్టుకున్న స్టూడియోలో. ఇంత మంచు కరిగించి ఇన్ని నీళ్లు పారించిన శ్రోతలు, ఒకప్పుడు నిజంగా నీళ్లున్న ఆ ఒక్క చోటి ఊసెత్తరు. 1994లో సైమన్ రేనాల్డ్స్ అనే విమర్శకుడు ఇలాంటి సంగీతానికి పోస్ట్‌రాక్ అన్న మాటను చలామణీలోకి తెచ్చినప్పుడు ఆయన పట్టించుకున్నది చెవికి తగిలే సంగతినే: రాక్ వాద్యాలే పట్టుకుని వాటిచేత రాక్ చేయని పని చేయించడం, గిటారుతో వరసల బదులు నాదపు ఛాయలు పుట్టించడం. చెవి దగ్గర మొదలైన చర్చను మనవాళ్లు తీసుకెళ్లి మంచులో పాతిపెట్టారు.

ఇందులో బృందం పాపమూ కొంత ఉంది. ఆల్బమ్‌కు పేరు పెట్టలేదు. అట్ట మీద రెండు బ్రాకెట్లు, మధ్యలో ఖాళీ. అంతే. దుకాణంవాడు దీన్ని ఏ అరలో సర్దాలి? ఏ నుంచి జెడ్ దాకా వెతికినా బ్రాకెట్‌కు చోటు లేదు. కొనేవాడు ఏమని అడగాలి? అరచేతులు రెండూ ఎదురెదురుగా వంచి చూపిస్తే గుమ్మడికాయల కొట్టు పక్క వీధిలో అంటారు. పత్రికలో ఉత్త బ్రాకెట్లు రాసి పంపితే, లోపలి మాట ఎక్కడో జారిపోయిందని ప్రూఫులు దిద్దేవాడు వెనక్కి పంపుతాడు. పాటలకూ పేర్లు లేవు, ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలే. కానీ బారసాల వాయిదా పడిన ఇంట్లో బిడ్డకు పండు, చిన్ని, బుజ్జి అంటూ పేర్లు వచ్చి పడ్డట్టు, వీటికీ ముద్దుపేర్లు వచ్చి పడ్డాయి. పెట్టింది బయటివాళ్లు కాదు, బృందమే! మొదటిది వాకా, అది డ్రమ్మర్ కూతురి పేరు. అయిదోది ఆలాఫాస్, స్టూడియో ఉన్న పేట పేరు. ఆరోది ఈ-బో, అందులో బేస్ గిటారు మీద వాడిన పరికరం పేరు. ఎనిమిదోదాన్ని పాప్ పాట అని పిలుచుకున్నారు. దాదాపు 12 నిమిషాల పాప్ పాట ఏ రేడియోవాడి కొంప ముంచడానికో తెలియదు. లోకానికి పేర్లు అక్కర్లేదని చెప్పినవాళ్లు, తమ పని జరగడానికి మాత్రం పేట పేరు, పిల్ల పేరు, పనిముట్టు పేరు వాడుకున్నారు. అన్నీ చేత్తో తాకి చూపించగలిగే సంగతులే. రిహార్సల్లో వాళ్లు కూడా ‘ఆ మంచు కరిగే పాట ఎత్తుకుందాం’ అనుకుని ఉంటే నలుగురూ నాలుగు పాటలు మొదలుపెట్టేవారు.

అనుభూతిని మాటల్లో పెట్టలేమండీ అంటారు. సరే, మరి అన్ని పేరాలు ఎందుకు పెట్టినట్టు? గొంతు వినిపిస్తున్నా అర్థమయ్యే మాటల్లేని ఇలాంటి సంగీతం గురించి మాట్లాడటం మనిషికి చేతకాని పనేమీ కాదు. మన కచేరీల్లో రాగాలాపన ఎంతసేపు సాగినా సాహిత్యం ఉండదు. అయినా బయటికొచ్చిన రసికుడు ‘పై షడ్జం దగ్గర నిలబెట్టిన తీరు చూశావా’ అనో, ‘తానం తేల్చేశాడు’ అనో క్యాంటీన్ దాకా పోట్లాడతాడు. అతని మాట తప్పే కావచ్చు, కానీ ఎదురు వాదించడానికి వీలున్న మాట. హిమానీనదంతో ఎవరు వాదిస్తారు? అది శాస్త్రం తెలిసినవాళ్ల సంగతి అనకండి. డ్రమ్ములు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పడానికి శాస్త్రం అక్కర్లేదు, గడియారం చాలు. ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. ఆల్బమ్‌తో ఖాళీ కాగితాల పుస్తకం ఇచ్చి మీకు తోచింది రాసుకోమన్నది బృందమే కదా, 2006లో సొంత దేశమంతా తిరిగి ఉచిత కచేరీలు చేసి, 2007లో ‘హేమా’ అనే చిత్రంలో ఆ కొండాకోనా చూపించింది కూడా వాళ్లే కదా అంటారు. సగం ఒప్పుకుంటాను. కానీ ఆ చిత్రం వచ్చింది ఆల్బమ్ తర్వాత అయిదేళ్లకు. ఆల్బమ్‌లోని మొదటి పాటకు 2003లో వచ్చిన వీడియోలో పిల్లలు గ్యాస్ మాస్కులు తగిలించుకుని, నల్లటి బూడిద రాలుతుంటే ఆడుకుంటారు. ఆ నల్లరంగు ఎవరి అభిప్రాయంలోనూ కనపడదు. తోచింది రాయమంటే, పక్కవాడి కాగితంలో చూసి రాశారు.

ఇక వీరాభిమానుల చివరి అస్త్రం: పదిసార్లు వింటేగానీ ఎక్కదు, చరిత్ర చూసుకో అని. చరిత్ర నిజమే. అంతకుముందు హిట్లు ఇచ్చిన టాక్ టాక్ బృందం 1988లో ‘స్పిరిట్ ఆఫ్ ఈడెన్’ చేస్తే, దాన్ని ఎలా అమ్మాలో ఈఎంఐ కంపెనీకి పాలుపోలేదు. ఒప్పందం తగాదా కోర్టుకెక్కింది. 1991లో స్లింట్ వారి ‘స్పైడర్‌లాండ్’ బయటికొచ్చే వేళకు బృందమే విడిపోయింది. ఈ రెంటినీ ఇవాళ పోస్ట్‌రాక్‌కు పునాదిరాళ్లంటున్నారు. కానీ ఆలస్యంగా మెప్పు దక్కిన ఆల్బమ్‌లు కొన్ని ఉన్నంత మాత్రాన, మెప్పు దక్కని ప్రతి ఆల్బమూ ఆలస్యంగా నడుస్తున్న రైలే అనడం ఎక్కడి తర్కం? అయినా పదిసార్లు విన్నవాడు పదోసారి కొత్తగా ఏం వినిపించిందో చెప్పాలి. తన ఓపికకు పతకం అడిగితే ఎలా?

ఇంత సణిగాక కూడా ఒకటి మనసులో మెదులుతూనే ఉంది. మాటలున్న పాటైతే పక్కవాడితో పంచుకోవడానికి పల్లవి అయినా ఉంటుంది. మనం కూనిరాగం తీస్తే వాడు అందుకుంటాడు. పేరూ మాటలూ లేని సంగీతాన్ని ఒంటరిగా విన్నవాడికి చేతిలో ఏమీ మిగలదు. తనకేదో జరిగిందని తెలుసు, ఎవరికీ చూపించలేడు. సొంత మాట వాడితే ఎవరికీ అందదేమోనని, నలుగురూ పట్టుకున్న మాటనే తనూ పట్టుకుంటాడు. మంచుకొండల మాటున వాడు అడుగుతున్నది ‘మీకూ ఇలాగే అయిందా?’ అనేనేమో. దానికి వెక్కిరింపు సులువుగా దొరుకుతుంది, జవాబు దొరకదు.

కాబట్టి ఏడవడం మానమని అడగను. ఏ పాటలో, ఎన్నో నిమిషం దగ్గర, ఏ వాద్యం వచ్చి చేరాక ఏడుపొచ్చిందో చెప్పి ఏడవండి. అక్కడికి వెళ్లి మేమూ ప్రయత్నిస్తాం.