నమ్మకముగా రిపేరు చేయబడును: సటీకా తాత్పర్యము

అవతారిక

ధర్మపురి గోదావరి ఒడ్డున ఉన్న క్షేత్రము. నరసింహస్వామి ఆలయ ప్రాంగణములోనే యమధర్మరాజుకును గుడి కలదు. ధర్మపురికి పోయినవారికి యమపురి లేదని నానుడి. అయితే ఈ అభయము మనుషులకే గాని చేతి గడియారములకు వర్తించినట్లు ఎచ్చటను వినలేదు. కాలుడే కొలువున్న ఊరిలో కాలము చూపు యంత్రము ఆగిన, దానిని బతికించువాడెవ్వడని సంశయము కలుగగా, తెలుగునాట ఊరూర దుకాణముల నొసట కనిపించు ఒక వాక్యమును ప్రమాణముగా గైకొని ఈ టీక ఆరంభింపబడినది.

మూలము

ఇచ్చట అన్ని రకముల వాచీలు నమ్మకముగా రిపేరు చేయబడును.

ప్రతిపదార్థము

ఇచ్చట = అద్దాల పెట్టె వెనుక (భోజన సమయమున ఎచ్చటను కాదు); అన్ని రకముల = సెల్లు మార్చదగిన రకముల; వాచీలు = టీకలో చూడుడు; నమ్మకముగా = అదియు టీకలోనే చూడుడు; రిపేరు = మూత తీసి, ఊది, మూత పెట్టుట; చేయబడును = ఎల్లుండి రండి.

టీక

‘వాచీలు’: ఇక్కడ సెల్లు లేక నడుచు పాత వాచీలని గ్రహింపవలెను. ఈ సీమలో వీటికి రెండు ముఖ్య శాఖలు. మొదటిది స్వదేశీ శాఖ. 1961లో జపాను సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో బెంగళూరున హెచ్.ఎం.టి. మొదలిడిన వంశమిది. జనతా, పైలట్, కోహినూర్, కాంచన్ మొదలగువారు ఇందలి ప్రసిద్ధులు. సైకిలు, రేడియోలతో పాటు అల్లుని చేతికెక్కినది ఈ శాఖయే. 2016 జనవరిలో ఈ వాచీల కంపెనీ మూతకు కేంద్ర మంత్రివర్గము సమ్మతించెను. ఆ ఏడే అక్టోబరులో ధర్మపురి కరీంనగర్ జిల్లాను వీడి జగిత్యాల జిల్లాలో చేరెను. ఊరికి కొత్త జిల్లా దొరికినది గాని, వాచీకి కొత్త సామాను దొరకుట ఆగిపోయినది. ఇప్పుడు ఒక జనతా బతుకవలెనన్న ఇంకొక జనతా అవయవదానము చేయవలసినదే.

రెండవది ప్రవాస శాఖ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెలనుండి అప్పు చేసి దుబాయి, మస్కట్ పోయినవారు తొలి సెలవుకు వచ్చినప్పుడు చేతికి తొడిగి తెచ్చిన సీకో ఫైవ్. ఈ పేరు 1963లో పుట్టినది. ఈ వాచీ పక్క గుండీ మూడు దగ్గర కాక నాలుగు దగ్గర ఒదిగి ఉండును. గల్ఫ్‌లో కొన్నవాటికి వారము చూపు కిటికీలో ఇంగ్లీషుతో పాటు అరబ్బీయు కలదు. కావున నరసింహుని దర్శనమునకు వచ్చిన పెద్దమనిషి చేతిపై శనివారము అరబ్బీలో వెలయుట దోషము కాదు, ఆ వాచీ స్వచ్ఛతకు గుర్తు. బాగుచేసినాక ఆ అరబ్బీ మాయమైనచో లోపలి చక్రమును మార్చినారని అనుమానించవలెను.

ఇక్కడ గణితము. పెద్దల లెక్కలో మనిషికి రేయింబవళ్లు కలిసి 21,600 శ్వాసలు. సీకో ఫైవ్‌లలో పెక్కు గంటకే 21,600 మార్లు కొట్టుకొనును. అనగా మన దినము దానికి గంట. మన ఏడు దానికి ఇరవైనాలుగేండ్లు. ఆ లెక్కన ఐదేండ్లు ఆగక తిరిగిన సీకో నూట ఇరువది ఏండ్ల పూర్ణాయువు నిండినది. ఐదేండ్లకొకసారి విప్పి, కడిగి, నూనె వేయవలెనని పనివారు చెప్పుట ఇందువలననే కాబోలు. గంటకు 18,000 మాత్రమే కొట్టుకొను జనతా కొంత దీర్ఘాయుష్మంతుడు.

‘అన్ని రకముల’: అతివ్యాప్తి దోషము. సెల్లు వేయుటకు తెలివి అవసరము లేదు. పాత మిషన్ విప్పుటకు తెలివియే గాక ఓపికయు వలయును. ఈ రెండును ఒకే బోర్డు కింద చేర్చుట కవి సమయముగా క్షమింపవలెను.

‘నమ్మకముగా’: మూలమునకు ప్రాణమిదియే. కాళిదాసు కావ్యములకు సంజీవని అను వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మన మెదకు సీమ కొల్చారము వాడు. ఆధారము లేనిది వ్రాయనని, అక్కర లేనిది చెప్పనని ఆయన పెట్టుకొన్న కట్టుబాటు. చెడ్డ వ్యాఖ్యల విషముచే కాళిదాసు వాక్కు మూర్ఛిల్లినది గనుకనే తన వ్యాఖ్యకు ఆ పేరు పెట్టెను. పాత వాచీ సంగతియు ఇంతే. నూనె ఎండి జిగురై ఆగుట దాని రోగము. పెట్రోలులో ముంచి, కొత్త నూనె ముట్టించక మూత బిగించుట దానిపై దుర్వ్యాఖ్య. అట్టి వాచీ కొన్నాళ్లు నడిచి, కెంపురాళ్ల గుంటలలో తిరుగు ఇరుసుల మొనలు అరిగి మరల మూర్ఛిల్లును.

కావున రిపేరుదారులు త్రివిధులు. అధముడు మూత తీయకయే తీర్పు చెప్పును: “మిషన్ ఖతమైంది కాకా, సెల్లు మిషన్ ఏస్త. ముండ్లు గవే ఉంటయి, డైలు గదే ఉంటది.” ఇతడు మూలమును తీసివేసి అట్ట మాత్రము మిగుల్చువాడు. మధ్యముడు అడగని డైలుకు రంగు వేసి, గీతలు పోవువరకు మూత అరగదీసి, “కొత్త దాని లెక్క చేసిన” అని మురియును. ఉత్తముడు మన ఎదుటనే తెరచి, కంటికి అద్దము పెట్టి చాలాసేపు ఊరకుండును. ఆపై, “గీ ఒక్క ముక్క పోయింది సారు, తక్కిందంత మంచిగుంది. గీ ముక్క నా దగ్గర లేదు, ఎతకాలె” అనును. మూలములో లేనిది చేర్చడు, చెడనిది ముట్టడు. మల్లినాథుని శిష్యుడితడే.

‘చేయబడును’: కర్మణి ప్రయోగము. కర్త దాగినాడు. వాచీ తీసుకొన్నవాడు జగిత్యాలకు, అక్కడివాడు కరీంనగర్‌కు, అక్కడివాడు హైదరాబాదుకు పంపుట కలదు. కావున “మీరే ఇప్పుతరా, ఎవరికన్న పంపుతరా?” అని అడిగి కర్తను రాబట్టవలెను.

‘గ్యారంటీగా’ అని పాఠాంతరము. ఆ గ్యారంటీ దుకాణము మెట్టు దిగువరకే గనుక గ్రాహ్యము కాదు.

పూర్వపక్షము

ఫోనులో టైము కలదు గదా, ఈ తిప్పలేల? అనినచో, టైము కొరకైన తిప్పలు నిజముగా వృథాయే. పాత వాచీ ఎంత బాగుచేసినను రోజుకు అర నిమిషము అటునిటు పోవును. కాని దుబాయి ఎండలో కూడబెట్టిన తొలి జీతము ఏ ఫోనులోను లేదు. ఆ వాచీని బాగుచేయించువాడు టైము అడుగుట లేదు.

విశేషములు

ఉత్తముని గుర్తులు: మార్చిన పాత ముక్కలను పొట్లము కట్టి ఇచ్చును. మూత లోపలి వైపున తేదీని సూదిమొనతో సన్నగా గీయును. ముందటి పనివారి గీతలను చెరపడు. అవి ఆ వాచీకి శాసనములు. వాచీని వెల్లకిల, బోర్ల, నిలువున పెట్టి రోజులకొద్దీ చూడనిదే ఇయ్యడు. 2027లో గోదావరి పుష్కరములకు దానిని పెట్టుకొని మునుగుదునన్నచో వద్దనును. పాత వాచీ రబ్బరు వాషరుపై అతనికి నమ్మకము లేదు.

తాత్పర్యము

పనివానిని వెదకువాడు అతని చేతి వేగము గాక, చేయనని చెప్పిన పనులేవో చూడవలెను.

ఫలశ్రుతి

ఈ టీకను శ్రద్ధగా విన్నవారికి పాత ముక్కల పొట్లము దక్కును. సగము విన్నవారికి సెల్లు మిషన్ దక్కును. వినకయే చావి పట్టని సీకో ఫైవ్‌కు దినదినము చావి తిప్పువారికి వేళ్ల నొప్పి దక్కును. అట్టి వాచీకి చేయి ఊపుటయే చావి.